వత్తుల్లేని మాటలు

పాత కంప్యూటర్లు బాగుచెయ్యడం నా పని. నిజానికి బాగుచెయ్యడం కంటే, అవి పోయేలోపు లోపల ఉన్నదాన్ని బయటకి లాగడమే ఎక్కువ. ఒకప్పుడు టీవీకి తగిలించుకుని వాడే చిన్న కంప్యూటర్లు ఉండేవి, కీబోర్డంతే కంప్యూటరు మొత్తం. వాటి ప్రోగ్రాములు మామూలు పాటల క్యాసెట్ల మీద ఉండేవి. టేపురికార్డర్లో పెట్టి తిప్పితే కీచుమని ఒకటే గోల. మనకి గోల, దానికి మాట. ఆ గోలని కాపీ ప్రోగ్రాముతో చదివించి ఫ్లాపీల మీదకి ఎక్కించి ఇస్తాను. ఎవరో చిన్నప్పటి ఆట తెచ్చుకుంటారు, ఎవరో మూతపడ్డ కొట్టు లెక్కలు తెచ్చుకుంటారు. నా గది ఒక మేడ కింద, నేలమాళిగలో ఉంటుంది. వేడెక్కిన దుమ్ము వాసన, టేపు తల, అదే టేపురికార్డరు హెడ్డు, తుడిచే స్పిరిట్ వాసన తప్ప అక్కడ ఇంకేమీ ఉండవు. నాకది హాయిగానే ఉండేది.

ఆ సాయంత్రం మా బావ ఒక క్యాసెట్ జేబులో పెట్టుకుని వచ్చాడు. వెనకాలే మేనకోడలు. దాని అసలు పేరు ఇంట్లో ఎవరూ పలకరు, అందరికీ అది పాపే. ఆస్పత్రిలో నర్సుగా చేస్తోంది, అయినా పాపే. డ్యూటీ నుంచి నేరుగా వచ్చినట్టుంది, తెల్ల బట్టల్లోనే ఉంది.

క్యాసెట్ చూడగానే నాకు తెలిసిపోయింది. అది మా అక్కది.

అక్కకి పాప పుట్టిన కొత్తలోనే జబ్బు చేసింది. ముందు కాళ్ళు పడిపోయాయి, తర్వాత చేతులు, ఆ తర్వాత గొంతు. చివరికి కుడిచేతి చిటికెనవేలు ఒక్కటే ఆడేది. బావకి అప్పట్లో కంప్యూటర్ల పిచ్చి. రాత్రింబవళ్ళు కూర్చుని అక్క కోసం ఒక ప్రోగ్రాము రాశాడు. టీవీ మీద అక్షరాలన్నీ వరసగా ఉంటాయి. వాటి మీద ఒక వెలుగు గడి ఒక్కొక్కటే దాటుకుంటూ పోతుంది. కావలసిన అక్షరం దగ్గరకి రాగానే అక్క వేలి కింద ఉన్న కాలింగ్ బెల్ మీట నొక్కుతుంది. అక్షరం కిందకి దిగుతుంది. అలా పోగేసుకుంటూ మాట్లాడేది. తెలుగు అక్షరాలు కూడా బావే గీశాడు, చుక్క చుక్క పేర్చి. గుణింతాలు పట్టాయి గానీ వత్తులకి ఆ కంప్యూటర్లో చోటు చాల్లేదు. అందుకని అక్క వత్తుల్లేకుండానే మాట్లాడేది. నన్ను ‘తముడు’ అని పిలిచేది. ‘మీ బావ నాకు భాష ఇచాడు గానీ పిసినారి భాష’ అని ఓసారి తెర మీద రాసింది. ఆ ఒక్క వాక్యానికి అరగంట పట్టింది. అందరం పడీపడీ నవ్వాం. ఆవిడ మొహం నవ్వలేకపోయింది, కళ్ళు మాత్రం నవ్వాయి.

ఇంకో ఏర్పాటు కూడా చేశాడు బావ. సగంలో మాట ఆగిపోకూడదని, కంప్యూటరు కట్టేసే ముందు దాని జ్ఞాపకంలో ఉన్నదంతా ఉన్నపళంగా క్యాసెట్ మీదకి ఎక్కించేవాడు. మర్నాడు మళ్ళీ అక్కడి నుంచే మొదలు.

పాపకి అమ్మ గుర్తులేదు. గొంతు రికార్డు చేసింది ఏదీ మిగల్లేదు. అమ్మ మాట్లాడిన తెర అయినా ఒకసారి చూడాలని ఎప్పటి నుంచో అడుగుతోందట. బావ ఇన్నాళ్ళూ దాటవేశాడు. ఇప్పుడు క్యాసెట్ పాడైపోతుందేమోనన్న భయం పట్టుకుని తెచ్చాడు. “జాగ్రత్తగా చెయ్యరా. ఇది ఒక్కటే ఉంది” అన్నాడు.

టేపు తల తుడిచాను. స్క్రూ కొంచెం తిప్పి శబ్దం స్పష్టంగా వచ్చేలా సరిచేశాను. కాపీ ప్రోగ్రాము ఎక్కించి మీట నొక్కాను. ముందు సన్నటి ఈల… తర్వాత గరగరమంటూ గోల. తెర అంచుల్లో రంగు చారలు పరిగెత్తాయి. బావ తల దించేసుకున్నాడు. ఆ ఇంట్లో పొద్దున్నే ఆ గోల వినిపిస్తే, అక్క కాసేపట్లో మాట్లాడబోతోందని అర్థం.

“ఇదేనా నాన్నా అమ్మ గొంతు?” అంది పాప.

“ఇదే” అన్నాడు బావ.

మొత్తం ఒక్కసారికే తప్పు లేకుండా వచ్చేసింది. పాత క్యాసెట్ అంత శుభ్రంగా రావడం అరుదు. సంతోషంగా బయటకి తీసి చూద్దును కదా… టేపు గాజులా ఉంది. అవతల వెలుతురు కనిపిస్తోంది. దాని మీది గోధుమరంగు పూత అంతా పొడిపొడిగా రాలి తల చుట్టూ పేరుకుంది. టేపులు రాలడం నాకు కొత్త కాదు. మొదటి నుంచి చివరి దాకా నున్నగా ఒలిచినట్టు రాలడం మాత్రం ఎప్పుడూ చూడలేదు. ఇక అక్క మాట ఉన్నది ఆ క్షణాన కంప్యూటరు లోపలే. గబగబా ఫ్లాపీల మీదకి ఎక్కించాను. బావకి ఒకటి, పాపకి ఒకటి, నా దగ్గర ఉంచుకోవడానికి ఒకటి. మూడూ సరిచూశాను. మూడూ సరిగ్గానే ఉన్నాయి.

అప్పుడు మొదటి ఫ్లాపీ నడిపించాను.

తెర నల్లబడింది. బావ గీసిన అక్షరాలు వరసల్లో వెలిగాయి. వంకరటింకర ‘ఱ’ని చూసి పాప నవ్వింది. వెలుగు గడి అ దగ్గర మొదలై ఒక్కొక్కటే దాటుతూ పోతోంది. పోతూ పోతూ ‘ప’ మీద ఆగింది.

అక్షరం కిందకి దిగింది.

మీట లేదు. అది ఎప్పుడో పోయిందని బావ వస్తూనే చెప్పాడు. కీబోర్డు మీద ఎవరి చెయ్యీ లేదు. గడి మళ్ళీ కదిలింది. ఆగింది. కదిలింది. ఎంతసేపు పట్టిందో గానీ ముగ్గురం చూస్తూనే ఉన్నాం.

పాప లేచిందా

పాప నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నేను ధైర్యం చెప్పాను. ఇది అప్పుడు జ్ఞాపకంలో ఉండిపోయిన మాట, ఇప్పుడు బయటపడుతోంది, అంతే అన్నాను. నేనూ అదే నమ్మాను. బావ తలూపాడు. ఆ చివరి రోజు అక్క అడిగింది ఇదేనట. లేవలేదు, నువ్వు పడుకో అని చెప్పి, క్యాసెట్ మీదకి ఎక్కించి, దీపం ఆర్పాడట. తెల్లారేసరికి అక్క లేదు. దాని తర్వాత ఇంకేమీ రాయలేదని బావ చెబుతుండగానే గడి మళ్ళీ కదిలింది.

చీకటిగా ఉంది

తర్వాత,

ఊపిరి ఆడటం లేదు

బయట వాన మొదలైనట్టుంది. నేలమాళిగలో చప్పుడు వినిపించదు, తడి మట్టి వాసన మాత్రం మెట్ల మీద నుంచి దిగింది. నాకు వేరే ఏం తోచలేదు. పనివాడి బుద్ధి పనివాడిదే కదా, ఫ్లాపీలో తప్పు పడిందేమో అనుకున్నాను. పక్కనున్న రెండో కంప్యూటర్లో రెండో ఫ్లాపీ వేసి చూశాను. అందులోనూ గడి బయల్దేరింది. పాప లేచిందా. చీకటిగా ఉంది. ఊపిరి ఆడటం లేదు. అవే మాటలు, అక్షరం అక్షరానికీ అంతే ఆలస్యం.

ఆ తర్వాత మొదటి తెర ఆగింది. చాలాసేపు ఆగింది.

పకన ఎవరో ఉనారు

రెండో తెర మీద కూడా అదే దిగింది. పకన ఎవరో ఉనారు. మొదటిది మళ్ళీ కదిలింది.

ఏడుసోంది

బావ కుర్చీలోంచి జారి తెర ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. “నేనే… ఇక్కడే ఉన్నాను” అన్నాడు. ఆ కంప్యూటర్లకి చెవులు లేవు. మైకు లేదు. శబ్దం లోపలికి పోయే తీగ కూడా నేను పీకి పక్కన పెట్టాను. అయినా గడి అక్షరాల మీద వేగంగా పరిగెత్తింది, అక్క వేలు ఎప్పుడూ అంత వేగంగా కదిలింది లేదు.

ఎంతసేపయింది

పాప వంగి, ఆస్పత్రిలో రోగులతో మాట్లాడే గొంతుతో చెప్పింది.

“ఇప్పుడే అమ్మా. ఇప్పుడే.”

కాసేపటికి రెండు తెరల మీదా ఒకటే మాట దిగడం మొదలైంది. నొపి. నొపి. నొపి. తెర నిండిపోయి పైకి జరుగుతోంది, కింద మళ్ళీ నొపి.

నేను తట్టుకోలేక రెండో కంప్యూటరు కట్టేశాను. కట్టేశాక భయమేసింది. మళ్ళీ వేశాను. ఫ్లాపీ మీద ఉన్నది మారదు. మొదటి నుంచి మొదలవ్వాలి, ‘పాప లేచిందా’ అనే రావాలి. రాలేదు.

మళీ ఆపొదు

పాప నా చెయ్యి పట్టుకుని మెట్ల దగ్గరకి తీసుకెళ్ళింది. ఇలాంటి వాళ్ళని తను రోజూ చూస్తుందట. ఊపిరి అందక కొట్టుకునే మనిషిని అలా సాగదియ్యడం ప్రేమ కాదంది. దీన్ని పూర్తిగా చెరిపేసే దారి ఉందా అని అడిగింది. ఉంది. కాపీ ప్రోగ్రాములోనే ఉంటుంది, ఫ్లాపీని శుభ్రంగా తుడిచేస్తుంది. బావ వద్దన్నాడు. గట్టిగా కూడా అనలేదు, వద్దు వద్దని గొణిగాడు, అంతే. పాప ముందు రెండో కంప్యూటర్లో ఉన్న తన కాపీనే చెరుపుతానంది. అమ్మకి నొప్పి తగ్గిందని తెలిస్తే మిగతావి కూడా, అంది. నేను రెండో కంప్యూటర్లో కాపీ ప్రోగ్రాము ఎక్కించి ఏ మీట నొక్కాలో చూపించాను. చెరిపెయ్యనా అని అది అడిగింది.

పాప కళ్ళు మూసుకుని నొక్కింది.

ఫ్లాపీ గిర్రున తిరిగింది. టకటకమంది. ఆగిపోయింది.

మొదటి తెర మీద ‘నొపి’లు కూడా ఆగిపోయాయి. పాప మెల్లగా ఊపిరి వదిలింది. నాకు కూడా ఏదో బరువు దిగినట్టయింది.

గడి కదిలింది.

అది ఏది

అడుగుతున్నది పక్క కంప్యూటర్లోని అక్క గురించని నాకప్పుడు తట్టింది.

చెరిపారా

“నొప్పి పోవాలనమ్మా…” అంది పాప.

చెరపొదు

గడి ఇప్పుడు వరసలో పోవడం లేదు. అక్షరం నుంచి అక్షరానికి దూకుతోంది…

చెరపొదు అకడ వాడు ఉనాడు

ఆగింది.

అరుసోంది

మళ్ళీ అదే. అరుసోంది. అరుసోంది. మాకు మాత్రం ఏమీ వినిపించలేదు. ట్యూబులైటు గుయ్ మంటోంది, అంతే. పాప తెర మీద చెయ్యి వేసి గుసగుసగా అడిగింది.

“వాడెవడమ్మా?”

వెలుగు గడి అ నుంచి ఱ దాకా ఒక్కొక్కటే దాటుకుంటూ వెళ్ళింది. దేని మీదా ఆగలేదు. మళ్ళీ మొదటికి వచ్చింది. మళ్ళీ వెళ్ళింది. చివరికి ఒక్కటే మాట దిగింది.

నను చెరపొదు

ఆ మొదటి కంప్యూటరు ఇప్పటికీ నడుస్తూనే ఉంది. కరెంటు పోయినా ఆగకుండా బ్యాటరీలు పెట్టాను. కాపీ ప్రోగ్రాముతోనే తుడిచిన ఫ్లాపీని తిరిగి తేవడానికి ఎన్ని విధాల చూశానో. ఏమీ లేదు, కొత్తదానిలా ఉంది. మూడో ఫ్లాపీ అరలో ఉంది. నడిపిస్తే ఇంకో అక్క నిద్రలేస్తుంది. చెరపలేం. అలా వదిలేస్తే అందులో చీకట్లో మెలకువగానే ఉందో ఏమో తెలీదు. పాప మొదట్లో రోజూ డ్యూటీ దిగి వచ్చేది. అమ్మ పక్కన కూర్చుని, ఇప్పుడే అమ్మా, ఇప్పుడే అనేది. ఇప్పుడు రావడం లేదు. ఇంట్లో కూడా ఎవరితోనూ మాట్లాడదట. వార్డులో ఎవరైనా అరిస్తే చెవులు మూసుకుని నేల మీద కూర్చుంటోందని, పని మానిపించారని బావ చెప్పాడు.

బావ నా గదిలోనే ఉంటున్నాడు. తెర ముందే తింటాడు, తెర ముందే పడుకుంటాడు. కంప్యూటరు లోపలి చిప్పులు ముసలివైపోతున్నాయి, ముట్టుకుంటే కాలుతోంది. వాటి బదులు కొత్తవి వెయ్యాలంటే కంప్యూటరు కట్టెయ్యకుండా కుదరదు. మొన్న ‘ఊ’ పోయింది. ఊపిరి అనబోతే ‘పిరి ఆడటం లేదు’ అని వస్తోంది. ఒక్కో అక్షరమే పోతుంది. అన్నీ పోయాక అక్క ఏమవుతుందని బావ నన్ను అడగడు. నేనూ చెప్పను.

ఈమధ్య చీకటి పడేసరికి ఒక కొత్త మాట వస్తోంది. తలుపు వేశారా. బావ లేచి, మెట్ల మీది తలుపు గడియ వేసి వచ్చి, వేశానని చెబుతాడు. దాంతో కాసేపు ఊరుకుంటుంది.

నిన్న ఊరుకోలేదు.

“వేశాను” అన్నాడు బావ.

ఆ తలుపు కాదు

గడి మెల్లగా, చాలా మెల్లగా, అక్క వేలు ఆఖరి రోజుల్లో కదిలినట్టు కదిలింది.

లోపలిది ఎవరు తీశారు

నా గదికి ఒకటే తలుపు. మిగతా మూడు వైపులా గోడలే. బావ లేచి వెళ్ళి ఒక్కో గోడనీ అరచేత్తో తడిమి చూడటం మొదలుపెట్టాడు. మూడో గోడ దగ్గర, తలుపు అంచేదో తగిలినట్టు ఆగాడు… చెయ్యి అక్కడి నుంచి తియ్యలేదు.