రూబీకి సింపతీ వద్దట

బోర్డు మీద నేను సింపతీ అన్న మాట రాసిన రోజే రూబీతో నాకు మొదటి గొడవ అయింది.

నందిగామలో ఒక ఎరువుల కొట్టు మీద, మేడగదిలో నా స్పోకెన్ ఇంగ్లీష్ క్లాసు. కింద నుంచి పురుగుమందు వాసన, పైనుంచి వాన చుక్కలు, మధ్యలో నేనూ నా పద్దెనిమిది మంది స్టూడెంట్లూ. నా పేరు బెన్ని. మాది జగ్గయ్యపేట. ఇంగ్లీషులో ఎం.ఏ. చేసి, ఎక్కడా లెక్చరర్ పోస్టు దొరక్క, రోజూ సాయంత్రం ఇక్కడ గొంతు చించుకుంటాను. నోరెక్కువ, ఆలోచన తక్కువ అని మా అమ్మ అంటుంది. ఇది చదివాక మీరూ అదే అంటారు.

ఆ రోజు మంచి ఊపు మీదున్నాను. ఇంగ్లీషువాళ్లు చావు జరిగిన ఇంటికి కార్డు పంపి దాని మీద ‘విత్ డీపెస్ట్ సింపతీ’ అని రాస్తారని చెప్పాను. సమ్మె చేసేవాళ్ల మీద సింపతీ ఉందంటే జాలిపడ్డారని కాదు, వాళ్ల వైపున్నారని అర్థం. తాగి బండి నడిపి కాలు విరగ్గొట్టుకున్నవాడికి ‘నో సింపతీ’ అంటే వాడికి తగిన శాస్తి జరిగిందని. మరి మనవాళ్లు ఎలా వాడతారో చెప్పండి అంటే సతీష్‌బాబు లేచాడు. వాళ్ల వార్డులో ఒకాయన భార్య పోయిన సింపతీ ఓట్లతో నెగ్గాడట. వెనక బెంచీవాడు, ఫీజు కట్టమంటే చేతికి కట్టు కట్టుకొచ్చి సింపతీ కొట్టేసిన తన ఫ్రెండు సంగతి చెప్పాడు. క్లాసంతా నవ్వింది.

కిటికీ పక్కన కూర్చున్న అమ్మాయి మాత్రం నవ్వలేదు. చేరి నాలుగు రోజులైంది. ఒడిలో తడి గొడుగు పెట్టుకుని నన్నే చూస్తోంది. పెద్ద కళ్లు. చూస్తే పాఠం మర్చిపోయే కళ్లు.

“సార్, ఆ కార్డు పంపినాయన తర్వాత ఏం చేస్తాడండి?”

“ఏం చేస్తాడు? ఆయన పని ఆయన చూసుకుంటాడు.”

“మరి అంతమాత్రం మాటకి ఇంతసేపు క్లాసెందుకండి?”

గొడుగు తీసుకుని వానలోకి దిగిపోయింది. నా క్లాసులో నిద్రపోయినవాళ్లున్నారు గానీ మధ్యలో లేచిపోయినవాళ్లు లేరు. ఒళ్లు మండింది.

ఆమె సంగతి సతీష్‌బాబు చెప్పాడు. పేరు రూబీ. చిల్లకల్లు. నాన్న బాలస్వామి మాస్టారు చందర్లపాడు బడిలో పని చేసేవాడు. రెండేళ్ల కిందట పాఠం చెప్తూనే కుప్పకూలిపోయాడు. సర్వీసులో ఉండగా పోయాడు కాబట్టి కారుణ్య నియామకం కింద కూతురికి నందిగామలోనే ఒక ఆఫీసులో జూనియర్ అసిస్టెంట్ ఉద్యోగం ఇచ్చారు. అదంతా విన్నాక నా కోపం చల్లారిపోయింది. అయ్యో అనిపించింది. ఒట్టు, మొదట అనిపించింది అదే.

మర్నాడు క్లాసుకు రాలేదు. ఏడింటికి బస్టాండులో కనిపించింది. ఇద్దరిదీ ఒకటే బస్సు, ఆమె నాకంటే ముందు దిగిపోతుంది. మొహం వీలైనంత మెత్తగా పెట్టుకుని పక్కకెళ్లి, నాన్నగారి సంగతి తెలియక అలా మాట్లాడానని నసిగాను.

“సార్, ముందా మొహం తీసేయండి. పొద్దుట్నుంచీ ఆఫీసులో అదే మొహం చూసి వస్తన్నా.”

ఏ మొహం పెట్టుకోవాలో తెలియక నేను బస్సెక్కేశాను. సీటు ఒక్కటే ఖాళీ ఉంది. కూర్చోమన్నాను. తనకేం కాళ్లు నొప్పుల్లేవంది. నాకూ లేవన్నాను. ఆ సీట్లో ఒకాయన కోళ్ల గంప పెట్టుకున్నాడు. చిల్లకల్లు దాకా ఇద్దరం నిలబడే వెళ్లాం. దిగేముందు తలుపు దగ్గర ఆమె నవ్వడం చూశాను.

అలా మొదలైంది. మళ్లీ క్లాసుకు వచ్చింది. బస్సులో ముప్పావుగంట మాటలు. ఆఫీసులో తనని ఎవరూ ఏమీ అనరట. ఫైలు తప్పుగా పంపినా, లెటర్లో తారీఖు తప్పేసినా, పోన్లే పాపం, తండ్రి పోయిన పిల్ల అంటారట. పని బాగా చేసిన రోజున కూడా అదే పోన్లే పాపం. రెండేళ్లుగా ఆ కుర్చీలో కూర్చున్నది తను కాదు, తన నాన్న చావు అని చెప్పింది.

“ఒక్కసారి ఎవరన్నా తిడితే బాగుండుననిపిస్తది సార్.”

అదేమంత కష్టం? ఆ రాత్రే ఆమె క్లాసులో రాసిచ్చిన పేరాగ్రాఫు చదివి, దీన్ని చూస్తే ఇంగ్లీషువాళ్లు ఓడెక్కి మళ్లీ వెళ్లిపోతారని మెసేజ్ పెట్టాను. రెండు నిమిషాలకు రెండు నవ్వు బొమ్మలొచ్చాయి. ఆ తర్వాత రోజూ తిట్టేవాణ్ణి. తిట్టినకొద్దీ మొహం వెలిగేది. సెప్టెంబరు వానల్లో బస్సు కిటికీ అద్దం పైకెక్కక ఆమె భుజం తడుస్తుంటే, నా వైపు జరగమని మాత్రం చెప్పలేకపోయేవాణ్ణి. ఆమే జరిగేది. ఇక ఆ పూట నా ఇంగ్లీషు కూడా పోయేది.

ఒకరోజు గుట్టు విప్పింది. ఎవరికీ తెలియకుండా బ్యాంకు ఆఫీసరు పరీక్ష రాసింది. పాసైంది. నవంబరులో విజయవాడలో ఇంటర్వ్యూ. తల్లి ఆదెమ్మకు తప్ప ఎవరికీ తెలియదు. ఈ ఉద్యోగం నాన్న చావుతో వచ్చింది. అది తన చదువుతో వస్తుంది. వస్తే ఆఫీసులో రాజీనామా కాగితం పెట్టి అప్పుడు చెప్తుందట.

పోస్టింగ్ ఎక్కడుంటుందని అడిగాను. ఎక్కడేస్తే అక్కడ, మొదట్లో ఎలాగూ దూరమే వేస్తారంది. ఆ మాట నాకు నచ్చలేదు. నచ్చలేదని చెప్పకుండా, నీ ప్రోనన్సియేషన్‌కి ఎంత దూరమేసినా తక్కువే అన్నాను. ఆమె గొడుగుతో నా మోకాలి మీద కొట్టింది.

ఇంటర్వ్యూకి పది రోజులుందనగా నేను చేసిన నిర్వాకం వినండి.

జగ్గయ్యపేటలో మా చర్చి గుమ్మం పక్కన ప్రార్థన చీటీల పెట్టె ఉంటుంది. ఎవరి అవసరత వాళ్లు కాగితం మీద రాసి వేస్తారు. ఆరాధన చివర్లో పాస్టరు డేవిడ్‌రాజుగారు ఒక్కొక్కటే తీసి మైకులో చదువుతారు, అందరం కళ్లు మూసుకుని ప్రార్థన చేస్తాం. చిన్నప్పట్నుంచీ నా పదో తరగతికీ, మా అమ్మ మోకాళ్లకూ, మా గేదె ఈతకూ కూడా చీటీలు వేసిన ఇల్లు మాది. చీటీ రాయడానికి మా భాష మాకుంది. చెయ్యి దానంతటదే రాసేస్తుంది. నేనూ రాశాను: తండ్రి లేని బిడ్డయైన చిల్లకల్లు రూబీ సిస్టరుకు బ్యాంకు ఇంటర్వ్యూలో దేవుడు జయమిచ్చునట్లును, విధవరాలైన ఆమె తల్లిని ఆదరించునట్లును.

పాస్టరుగారు దాన్ని గొంతు వణికిస్తూ రెండుసార్లు చదివారు. బయట చెట్టుకు కట్టిన స్పీకరు కూడా చదివింది. ఆడవాళ్ల వైపు నుంచి అయ్యో ప్రభువా అని వినిపించింది. కళ్లు తెరిచి చూస్తే ముందు వరసలో గ్రేసీ మేడమ్ కళ్లు తుడుచుకుంటోంది. గ్రేసీ మేడమ్ అంటే రూబీ ఆఫీసులో సూపరింటెండెంటు. ఆవిడ మా సంఘమేనన్న సంగతి నాకు అప్పుడు గుర్తొచ్చింది.

సోమవారం రూబీ క్లాసుకు రాలేదు. బస్సులో నాకు దూరంగా నిలబడింది. నేనే దగ్గరికెళ్లాను. ఏం జరిగిందో వానలో తడిసిన కాగితంలా మెల్లగా, మాట మాటకీ ఆగుతూ చెప్పింది. పొద్దున్న ఆఫీసుకెళ్లేసరికి అందరూ తన బల్ల చుట్టూ చేరారట. పాపం ఇంత కష్టపడుతున్నావా తల్లీ అన్నారట. ఆమె పని నలుగురూ పంచుకుని, ఇంట్లో కూర్చుని చదువుకోమని పది రోజులు సెలవు ఇప్పించారట. గ్రేసీ మేడమ్ కౌగలించుకుని ఏడ్చిందట.

“రూబీ, అది సింపతీ కాదు. ప్రార్థన.”

“తండ్రి లేని బిడ్డ అని ఎందుకు రాసారండి? దేవుడికి తెలీదా?”

నేను చేతిలో టికెట్టు మడతపెట్టాను.

“నేను గెలిస్తే నా గెలుపుగా ఉండాలనుకున్నా. ఇప్పుడు వస్తే మీ ప్రార్థనలవల్ల వచ్చిందంటారు. రాకపోతే పాపం అంటారు. నాకేం మిగిల్చారు సార్?”

అంత సన్నగా, అంత నెమ్మదిగా అడిగింది. తిట్టినా బాగుండేది. చిల్లకల్లులో దిగి, గొడుగు విప్పకుండానే వెళ్లిపోయింది.

ఆ తర్వాత ఎన్ని మెసేజ్‌లు పెట్టానో. సారీ అన్నాను. నీ మీద గౌరవంతోనే ఆ చీటీ వేశానన్నాను. ఇది జాలి కాదని మూడుసార్లు రాశాను. చదివినట్టు నీలం టిక్కులు పడేవి. జవాబు ఒక్కటే వచ్చింది: అందరూ ఆ మాటతోనే మొదలుపెడతారండి.

నవంబరు తుఫానులో ఇంటర్వ్యూ అయిపోయింది. ఎలా చేసిందో నాకు తెలియదు. ఆమె ఆఫీసు అయిపోగానే వేరే బస్సుకు వెళ్లిపోతోంది. నేను ఏడింటి బస్సులో కిటికీ పక్కన కూర్చుని వెళ్తున్నాను. క్రిస్మస్‌కు మా అమ్మ, ఎవర్రా ఆ అమ్మాయి అని నేరుగా అడిగింది. ఎవరూ లేరన్నాను. ఎవరూ లేకపోతే అన్నం ఎందుకు మానేశావంది.

ఫలితాలు వచ్చిన వారం చర్చి మెట్ల మీద గ్రేసీ మేడమ్ నన్ను ఆపింది. పాపం, ఆ పిల్లకు ఉద్యోగం రాలేదట, మన ప్రార్థనలో ఏ లోపముందో అని కళ్లొత్తుకుంది.

నిజం చెప్తాను, నన్నేమనుకున్నా సరే. ఆ మాట వినగానే నాకు ముందు సంతోషం వేసింది. గుండెలోంచి పెద్ద బరువు దిగినట్టయింది. ఆ తర్వాత సిగ్గు వచ్చింది. చర్చి లోపలికి వెళ్లలేక అక్కణ్ణుంచే ఆటో ఎక్కి చిల్లకల్లు వెళ్లాను.

హైవేకి వెనక సందులో వాళ్ల ఇల్లు. లారీల చప్పుడు గోడల్లోంచి వస్తోంది. వసారాలో ఆదెమ్మగారు మిరపకాయలు రాశిగా పోసుకుని తొడాలు తీస్తోంది. వందనాలండీ అన్నాను. తలూపి, రూబీని పిలిచింది. రూబీ వచ్చి గుమ్మానికి ఆనుకుని నిలబడింది. మొహం పీక్కుపోయింది. కూర్చోమనలేదు.

“పాపం అని చెప్పడానికొచ్చారా?”

“కాదు. ఇంకో సంగతి చెప్పాలి. విన్నాక పొమ్మంటే పోతా.”

ఆమె చేతులు కట్టుకుంది.

“ఆ చీటీ రాసి పెట్టెలో వేసానా, ఆ రోజే ఇంటికెళ్లి మోకాళ్ల మీద ఇంకో ప్రార్థన చేసా. నీకా ఉద్యోగం రాకూడదని.”

ఆదెమ్మగారి చేతులు ఆగిపోయాయి. రూబీ నన్ను కొత్త మనిషిని చూసినట్టు చూసింది.

“వస్తే వెళ్లిపోతావుగా. ఆ బస్సులో నేనొక్కణ్ణే పోవాలి. నా వల్ల కాదనిపించింది. ఇవాళ రాలేదని తెలిసి సంతోషపడ్డా రూబీ. నిజంగా. నువ్వెంత చదివావో అందరికంటే నాకే తెలుసు, అయినా సంతోషపడ్డా. నువ్వంటే నాకు ఇష్టం. పెళ్లి చేసుకోవాలనుంది. ఈ మాట అడిగే మొహం నాకు లేదు. అయినా అడుగుతున్నా.”



“ఎంత స్వార్థమండీ మీకు,” అంది.  “రెండేళ్లు చదివాను. తెల్లారుజామున లేచి లైటు వేయకుండా దుప్పటి కింద ఫోన్ వెలుగులో చదివాను, అమ్మ నిద్ర చెడకూడదని. మీరేమో రాకూడదని మోకాళ్లూనారు.”

“ఊనా.”

“సిగ్గు లేకుండా ఒప్పుకుంటున్నారు కూడా.”

గుమ్మం మీద కూలబడి ఏడ్చింది. వెక్కి వెక్కి, చిన్నపిల్లలా. నా నోటి దాకా వచ్చిన అయ్యోను మింగేశాను. దగ్గరికి వెళ్లలేదు. ఏడ్చి ఏడ్చి, చున్నీతో మొహం తుడుచుకుని, తలెత్తింది.

“నాన్న పోయాక అందరూ నా మంచే కోరారు. విని విని విసుగొచ్చింది. నేను కావాలని, నా కోసం పాపిష్టి ప్రార్థన చేసినాయన మీరొక్కరే.”

“ఆ అబ్బాయొక్కడే కాదులేమ్మా,” అంది ఆదెమ్మగారు.

ఇద్దరం అటు తిరిగాం. ఆవిడ మిరపకాయల వంకే చూస్తోంది.

“నేనూ చేసా. రోజూ చేసా. మీ నాన్న పోయిన కాణ్ణుంచి ఈ ఇంట్లో పలకరిస్తే పలికేదానివి నువ్వొక్కదానివే. నువ్వు కూడా ఎల్లిపోతే నేనెవరితో మాట్లాడను? పైకి నీకు రావాలని చెప్పా. లోపల వద్దు ప్రభువా అన్నా.”

రూబీ తల్లిని చూసింది. నన్ను చూసింది. మళ్లీ తల్లిని చూసింది. ఏడుస్తూనే నవ్వొచ్చింది ఆమెకు. ఆపుకోలేక రెండు చేతులతో మొహం మూసుకుంది. ఆదెమ్మగారు లేచి వచ్చి, కారం చేతులు తగలకుండా మోచేత్తో కూతురి తల తన పొట్టకు అదుముకుంది.

“ఈ ఏడు మళ్లీ నోటిఫికేషన్ వస్తది,” అంది రూబీ, తల ఎత్తకుండానే. “మళ్లీ రాస్తా. ఈసారి నా ఉద్యోగం గురించి ఇద్దరూ దేవుడి దగ్గర నోరెత్తద్దు.”

“మరి వస్తే?” అన్నాను. 

“వస్తే ఎక్కడేసినా సరే, ఇద్దరూ నాతో రండి.”

ఆదెమ్మగారు నా వైపు చూసింది. నేను తలూపాను. ఆవిడా ఊపింది.