గరుకు గాజు మీద బొమ్మ

కోడలు టీ తెచ్చేసరికి అత్తగారు అప్పటికే ముందుగదిలో కెమెరా విప్పుకుని కూర్చున్నారు. పాతకాలం పత్రికల వాళ్ళు మోసుకు తిరిగిన పెట్టె కెమెరా అది. పెట్టె ముందు తలుపు కిందికి వాల్చి, చిన్న పట్టాల మీద లెన్సును బయటికి లాగితే, దాని వెనకాల తోలు మడతల గొట్టం సాగుతూ వస్తుంది. అలాంటి కెమెరాతోనే ఆవిడ ఓ దినపత్రికలో ఫొటోగ్రాఫరుగా ఉద్యోగమంతా వెళ్ళదీశారు. అగ్నిప్రమాదాలూ, వరదలూ, ఊరేగింపులూ ఆవిడ తియ్యనిదంటూ లేదు. రిటైరయ్యాక, మూలపడ్డ కెమెరాలను బాగుచెయ్యడం పనిగా పెట్టుకున్నారు. ఇప్పుడు చేతిలో ఉన్నది అదే పత్రికలో పనిచేసి పోయిన ఒకాయనది. ఆయన కూతురు టీచరు. నాన్న కెమెరాతో అమ్మకి ఒక్క ఫొటో తియ్యాలని ఉందంటూ తెచ్చి ఇచ్చింది.

"అత్తయ్యా, టీ చల్లారిపోతుంది."

"అక్కడ పెట్టమ్మా. ఈ ఒక్క స్క్రూ ఎక్కిస్తే దీని గోల వదిలిపోతుంది."

స్క్రూ ఆవిడ వేళ్ళలోంచి జారి బల్ల మీద పడింది. కళ్ళెదుటే మెరుస్తోంది. ఆవిడ మాత్రం అరచేత్తో బల్లంతా తడుముతున్నారు. కోడలు చప్పుడు చెయ్యకుండా దాన్ని ఆ వేళ్ళ కిందికి జరిపింది.

"దొరికింది! ఎక్కడికి పోతుంది నన్ను వదిలి?" అని నవ్వారు అత్తగారు.

కోడలు కూడా నవ్వింది. కొన్ని నెలలుగా ఆమె ఇలాగే నవ్వుతోంది.

అప్పుడే కొడుకు యూనిఫాం చొక్కా గుండీలు పెట్టుకుంటూ వచ్చాడు. అతను సిటీ బస్సు డ్రైవరు. రాత్రంతా నిద్రపోనట్టు ముఖం పీక్కుపోయి ఉంది.

"అమ్మా, నిన్న మధ్యాహ్నం ఎక్కడికెళ్ళావ్?"

"లేత్ షాపుకి. దీని పట్టా వంగిపోతే సరిచేయించుకొచ్చా. ఏం?"

"రోడ్డెలా దాటావు?"

"కాళ్ళతో."

కోడలు ఫక్కున నవ్వబోయి, భర్త ముఖం చూసి ఆగిపోయింది.

"నువ్వు దాటింది నా బస్సు ముందు నుంచే," అన్నాడతను. "సడన్ బ్రేకేస్తే జనం ఒకళ్ళ మీద ఒకళ్ళు పడ్డారు. కిటికీలోంచి తల బయటికి పెట్టి 'అమ్మా' అని అరిచాను. నువ్వు అటూ ఇటూ చూసి, బస్సుకేసి కూడా చూసి, నీ దారిన నువ్వు పోయావు."

అత్తగారు స్క్రూడ్రైవర్ కింద పెట్టారు. "ఎండ కళ్ళల్లో కొట్టిందిరా. అయినా అంత పెద్ద బస్సు నడుపుతూ నేనే నీకడ్డం వచ్చానంటావేంటి?"

"అమ్మా, జోకులొద్దు. నీకు కళ్ళు కనబడుతున్నాయా, లేదా?"

"శుభ్రంగా కనబడుతున్నాయి."

"అయితే నా ముందు చేసి చూపించు. ఆ కెమెరా స్టాండుకి ఎక్కించి, నీ కోడల్ని ఫోకస్ చెయ్యి."

ఆవిడ పౌరుషంగా లేచారు. చేతులకి అలవాటైన పని కదా, కెమెరా క్షణంలో స్టాండు మీదికి ఎక్కింది. "వెళ్ళి ఆ కిటికీ పక్కన కూర్చో అమ్మాయ్. మీ ఆయన సరదా తీరుద్దాం," అని నల్లగుడ్డ తల మీద కప్పుకున్నారు. కెమెరా వెనకాల గరుకు గాజు పలక ఉంటుంది. ఎదుట ఉన్నదాని బొమ్మ దాని మీద తలకిందులుగా పడుతుంది. అది చూసుకుంటూ లెన్సు ముందుకీ వెనక్కీ జరపాలి.

కోడలు పేము కుర్చీలో కూర్చుంది. ఆమెని లేచి వచ్చెయ్యమని అతను సైగ చేశాడు. వద్దన్నట్టు తలూపింది ఆమె. అతను మళ్ళీ సైగ చెయ్యలేదు. రెండు చేతులూ జోడించాడు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో భర్త తనకి దణ్ణం పెట్టడం ఆమె చూడలేదు. అడుగుల చప్పుడు కాకుండా లేచి, చుట్టూ తిరిగి అత్తగారి వెనకాలకి వచ్చి నిలబడింది.

నల్లగుడ్డ ఒక పక్కకి జారి ఉంది. ఆ సందులోంచి గరుకు గాజు కనబడుతోంది. అత్తగారి బొటనవేలు పట్టా పక్కన చెక్కి ఉన్న దూరపు కొలత గీతలని తడుముకుంటూ లెన్సుని సరిగ్గా చోటుకి తెచ్చి ఆపింది. తలకిందులైన కిటికీ, తలకిందులైన కుర్చీ, పేము అల్లికలో ఒక్కో పోగూ స్పష్టంగా తెలుస్తోంది. కుర్చీలో ఎవరూ లేరు.

"గడ్డం కొంచెం పైకెత్తమ్మా," అన్నారు అత్తగారు. "ఆఁ, చాలు. అలాగే ఉండు. ఎంత చక్కగా ఉన్నావో!"

కోడలు నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. అయినా ఏడుపు ఆగలేదు.

ఏడుపు వినిపించింది వెనకాల నుంచి. అత్తగారి చెయ్యి ఆగిపోయింది. మెల్లగా నల్లగుడ్డలోంచి తల బయటికి తీశారు.

"లేచిపోయావా?"

"క్షమించండి అత్తయ్యా."

కొడుకు మాటే నిజమని తేలింది. తేలాక దాంతో ఏం చెయ్యాలో అతనికి తెలియలేదు.

ఆవిడ నల్లగుడ్డని మడత మీద మడత పెట్టి ఒళ్ళో ఉంచుకుని కూర్చున్నారు. "డాక్టరుకి చూపించుకున్నాన్రా, ఒక్కదాన్నే వెళ్ళి. కంటి వెనక పొర నడిమధ్యలో పాడైందట. ఎదురుగా ఉన్నది పోతుంది, అంచులు మాత్రం మిగుల్తాయి. మందు లేదన్నాడు."

"ఇంకో డాక్టరు..."

"ఇంకో ఆయనా అదే అన్నాడు."

"మరి మాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే ఏం చేసేవాడివి?"

అతని చూపు బల్ల మీది స్క్రూడ్రైవర్ మీద పడింది.

"నా చేతిలో స్క్రూడ్రైవర్ లాక్కునేవాడివి," అన్నారావిడ. "అంతకు మించి నీవల్ల కూడా ఏమీ కాదు నాన్నా."

"అత్తయ్యకి కనబడ్డం లేదని నాకు తెలుసండీ," అంది కోడలు భర్తతో, నేలచూపులు చూస్తూ.

"తెలిసి ఊరుకున్నావా?" అతని గొంతు లేచింది. "నా బస్సు చక్రాల కింద పడబోయింది! నా చేతుల్తో నేనే మా అమ్మని..." అతను గోడకి ఆనుకున్నాడు.

"పని మానేస్తే అత్తయ్య మనకి దక్కరేమోనని భయమేసిందండీ. స్క్రూలు చేతికందిస్తే గడిచిపోతుందిలే అనుకున్నాను."

అత్తగారు తల తిప్పారు. "ఆ స్క్రూలు నువ్వు పెట్టినవా?"

కోడలు ముందుకొచ్చి ఆవిడ చెయ్యి పట్టుకుంది.

"నా వేళ్ళింకా వెతికి పట్టుకుంటున్నాయనే అనుకున్నాను," అన్నారావిడ. ఇంతసేపూ రాని నీళ్ళు అప్పుడు వచ్చాయి కళ్ళల్లో.

కాసేపటికి ముక్కు తుడుచుకుని, టీచరుకి ఫోన్ కలపమన్నారు. "అమ్మా, షట్టరు బాగుచేశాను, అది చెవితో విని సరిచూసుకోగలను. తోలు గొట్టానికి సూది బెజ్జాలున్నాయి. వెలుతురు దూరి ఫొటో పాడవుతుంది. అవి నాకు కనబడవు. నావల్ల కాదమ్మా. వచ్చి తీసుకెళ్ళు."

"మీరు కూడా కాదంటే ఇంకెవరి దగ్గరికి వెళ్ళమంటారండీ?" అంది అవతలి గొంతు.

"తెలీదమ్మా," అన్నారావిడ.

కోడలు ఫోన్ అందుకుని లోపలికి వెళ్ళింది. డ్యూటీకి వేళ మించిపోతోంది. అయినా కొడుకు వెళ్ళలేదు. వచ్చి తల్లి ముందు నేల మీద కూర్చుని, ఆవిడ మోకాళ్ళు పట్టుకున్నాడు.

"తప్పయిపోయిందమ్మా. అలా పరీక్ష పెట్టకూడదు నీకు. ఒక్కసారి నాకేసి చూడు."

ఆవిడ ముఖం గోడ వైపుకి తిప్పుకున్నారు.

"తిట్టమ్మా, పోనీ. అలా మొహం తిప్పుకోకు."

"కోపం కాదురా. ఎదురుగా చూస్తే నువ్వుండవు. గోడకేసి చూస్తే పక్కన కాస్త తెలుస్తావు." మెడ ఇంకొంచెం వాల్చి వెతికారు. "ఇదిగో, చెవి. ఇది కణత... ఒరేయ్, జుట్టు నెరిసిందేమిట్రా నీకు?"

"చాలా రోజులైందమ్మా."

"నాకెవరూ చెప్పలేదు." ఆవిడ గోడ మీంచి చూపు మరల్చలేదు. "ఉండు. కదలకు. కదిలితే పోతావు."

అతను కదల్లేదు. కన్నీళ్ళు చెంపల మీదుగా యూనిఫాం కాలరులోకి జారుతున్నా తుడుచుకోవడానికి చెయ్యెత్తలేదు.