చేప రాని శనివారాలు

శనివారం. ఇంకా బాగా తెల్లవారలేదు. విద్య వంటింట్లో పెసరట్ల కోసం అల్లం, పచ్చిమిర్చి తరుగుతోంది. మెట్లు దిగి వచ్చిన అనిక, భుజాన బ్యాగు, చేతిలో రెండు గాలపు కర్రలతో తల్లి వెనక నుంచే గరాజ్ వైపు జారుకోబోయింది. పదిహేడేళ్ళ పిల్ల. స్కూలున్న రోజుల్లో గొంతు పోయేలా పిలిస్తే గానీ మంచం దిగదు. శనివారం మాత్రం అలారం కంటే ముందే లేచి కూర్చుంటుంది. విద్యకి అనుమానం మొదలైంది అక్కడే.

"రెండట్లు తినేసి వెళ్ళవే."

"బాక్స్‌లో పెట్టివ్వమ్మా. ఎండొస్తే అది డీప్‌కి వెళ్ళిపోతుంది."

అది అంటే చేప. ఈ దేశంలో చేపలు పట్టడానికి కూడా స్కూల్లో టీమ్ ఉంటుందని తెలిసినప్పుడు విద్య కడుపుబ్బా నవ్వింది. ఇప్పుడు నవ్వు రావడం లేదు. టీమ్ పోటీలు అయిపోయినా అనిక మానలేదు. తాముండే ఊరు అల్ఫారెట్టాకి ఉత్తరంగా, కార్లో ముప్పావుగంట దూరంలో కౌంటీ వాళ్ళ చెరువొకటి ఉంది. అక్కడి ఆఫీసు గోడ మీద చెక్క పలకకి, ఆ చెరువులో ఇంతవరకూ పడ్డ అతిపెద్ద బాస్ చేప బరువు, పట్టినవాడి పేరు చెక్కి ఉన్నాయి. పదమూడు పౌండ్ల పైచిలుకు. అనిక పుట్టక ముందు నుంచీ ఆ పేరు కదల్లేదట. దాన్ని మార్చి తన పేరు పెట్టించాలని ఈ పిల్ల పంతం.

అది చెప్పే కథ మాత్రం ఇదీ.

విద్య పుట్టింది ధవళేశ్వరంలో. పుస్తెలమ్మైనా పులస తినాలనే ఊరు. అక్కడ గాలం పట్టుకుని వెళ్ళినవాడు సాయంత్రానికి ఏదో ఒకటి పట్టుకొస్తాడు. ఏదీ పడకపోతే, ఉత్త చేతులతో వస్తే పరువు తక్కువని పక్కవాడి దగ్గర నాలుగు చిన్న చేపలైనా అడిగి తెచ్చుకుంటాడు. అటువంటిది, చలికాలం మొదలైనప్పటి నుంచీ ప్రతి శనివారం వెళ్ళే తన కూతురు ఇంటికి ఒక్క చేప తేలేదు. అడిగితే, పట్టినా వదిలేస్తాం అంటుంది. పోనీ ఫొటో చూపించవే అంటే, ఇంకా పడలేదు, పెద్దదాని కోసమే చూస్తున్నా, పెద్ద ఎరకి చిన్నవి రావు అంటుంది. విద్య ఆ పిల్ల జాకెట్‌ని వాషింగ్ మెషిన్‌లో వేసే ముందు ఒకటికి రెండుసార్లు వాసన చూసింది. నీచు వాసన లేదు. చేప లేదు, వాసన లేదు, ఫొటో లేదు. చెవిలో పువ్వులు పెట్టించుకోవడానికి తను మరీ అంత అమాయకురాలా?

"ఎవడో ఉన్నాడండీ," అంది విద్య ఆ రోజు మొగుడితో.

ఫణికుమార్ ఫోన్లో క్రికెట్ స్కోరు చూస్తూ, అబ్బాయిని కలవాలనుకునేది అంత పొద్దున్నే రబ్బరు బూట్లేసుకుని వెళ్తుందా అన్నాడు. పైగా నీకు అనుమానం పెనుభూతం అని సామెత కూడా అప్పజెప్పాడు. ఆయనకేం, తండ్రి. రేపేదైనా జరిగితే పెంపకం బాగాలేదని అనిపించుకునేది తనే కదా.

ఆ వారమే రెండు సంగతులు బయటపడ్డాయి. ఒకటి, అనిక బ్యాగులో గోళ్ళ రంగు సీసా. విద్య తన తమ్ముడి పెళ్ళికని కొనుక్కుని, కనబడక ఇల్లంతా వెతికిన ఎర్ర రంగు. అనిక గోళ్ళకి జన్మలో రంగు వేసుకోదు. సీసా మాత్రం సగం ఖాళీ. ఎవరి కోసం ఈ సింగారం?

రెండోది స్రవంతి ఫోన్. స్రవంతి కూతురు హంసిక, అనిక ఒకే టీమ్. ప్రతి శనివారం అనిక వెళ్ళేది హంసికతోనే. ఆ ఒక్క ధీమాతోనే విద్య ఇన్నాళ్ళూ కారు తాళాలిచ్చింది. ఆ మాటా ఈ మాటా అయ్యాక స్రవంతి, హంసిక ఫిషింగ్ మానేసి చాలా రోజులైందని, శనివారాలు కాలేజీల కోసం రాసే ఎస్‌ఏటీ పరీక్ష కోచింగ్‌కి వెళ్తోందని చెప్పింది. విద్య చేతిలో గరిట ఆగిపోయింది. అవతల నుంచి స్రవంతి, "ఏమైందక్కా, అనిక మీకేమైనా వేరేలా చెప్పిందా?" అని తీయగా అడిగింది. అబ్బే, ఏం లేదని విద్య ఫోన్ పెట్టేసింది. ఈ మాట ఆదివారం గుడికి వెళ్ళేలోపు ఊరంతా తిరుగుతుందని ఆమెకి తెలుసు.

శుక్రవారం సాయంత్రం అన్నం వడ్డిస్తూ, మామూలుగా అడిగినట్టే అడిగింది.

"రేపు హంసిక కూడా వస్తోందా?"

అనిక పళ్ళెంలోంచి తలెత్తలేదు. "ఆఁ, వస్తోంది."

కళ్ళెదుట, తన చేతి అన్నం తింటూ అబద్ధం. విద్యకి కోపం కంటే ముందు భయం వేసింది. ఇది ఇంత తేలిగ్గా చెప్పగలిగితే, ఇన్నేళ్ళలో ఇంకెన్ని చెప్పిందో. ఇంకేమీ అడగలేదు. రుజువంటూ చేతికి చిక్కిందా, కారు తాళాలు లాగేసుకోవడం, గాలాలు చెత్తబుట్టలో పడేయడం ఖాయమని మనసులో తీర్మానం చేసేసుకుంది.

మర్నాడు పెసరట్ల బాక్స్ తీసుకుని బయల్దేరిన అనిక కారు వీధి మలుపు తిరిగేదాకా ఆగి, విద్య తన కారు తీసింది. ఇంట్లో తొడుక్కునే చెప్పులతోనే బయల్దేరింది, నైట్ డ్రెస్ మీద శాలువా చుట్టుకుని. దారి పొడుగునా ఆ కుర్రాడు ఎలా ఉంటాడో ఊహించుకుంటూనే ఉంది. ఒకసారి పొడుగ్గా, ఒకసారి గడ్డంతో.

చెరువు దగ్గర పార్కింగ్‌లో అనిక కారొక్కటే ఉంది. వాడు ఇంకా రాలేదన్నమాట, లేకపోతే ఇద్దరూ ఒకే కార్లో వచ్చారు. విద్య పైన్ చెట్ల మధ్య నుంచి దొంగలా నడిచింది. ఒడ్డు నుంచి నీళ్ళలోకి వేసిన చెక్క వంతెన చివర అనిక గాలపు కర్ర పట్టుకుని వంగి నిలబడి ఉంది. పక్కన ఎవరూ లేరు. కానీ మాట్లాడుతోంది, చాలా ముద్దుగా, బతిమాలుతున్నట్టు.

విద్య చెవులు రిక్కించింది.

"ఒక్క ముద్ద... లాస్ట్ ముద్ద... మా అమ్మ కదూ, తినెయ్..."

చిన్నప్పుడు అన్నం తిననని మారాం చేసే ఈ పిల్ల వెనకాల గిన్నె పట్టుకుని తిరుగుతూ విద్య అన్న మాటలే అవి. ఇంగ్లీషులో కలలు కనే పిల్లకి ఇవి గుర్తున్నాయని కూడా ఆమెకి తెలీదు. కానీ అనుమానం అంత తొందరగా వదిలేది కాదు. నేరుగా వంతెన మీదకి నడిచింది.

అనిక తిరిగి చూసి కొయ్యబారిపోయింది. "అమ్మా? నువ్వేంటి ఇక్కడ?"

"హంసిక ఏదే?"

"మెల్లగా మాట్లాడు, అది భయపడుతుంది."

"హంసిక ఎక్కడని అడుగుతున్నా."

అనిక చూపు నీళ్ళ మీదే ఉంచి, గొంతు తగ్గించి చెప్పింది. హంసిక మానేసింది. ఒక్కదాన్నే అంటే పంపవు. అందుకని చెప్పలేదు. "అదొక్కటే అబద్ధం అమ్మా. మిగతాదంతా ట్రూ."

"ఒకటి చెప్పినదానివి పది చెప్పలేవా? నా గోళ్ళ రంగు ఎవరి కోసం తీశావ్?"

సమాధానం చెప్పే వ్యవధి లేకపోయింది. కర్ర ఒక్కసారిగా విల్లులా వంగి, దారం చుట్టిన చక్రం గిర్రున తిరిగింది. అనిక రెండు చేతులా బిగబట్టి వెనక్కి వాలింది. నీళ్ళలో ఏదో పెద్దది తెల్లగా తిరగబడి మళ్ళీ మునిగింది. "అమ్మా, నెట్! నెట్ తీసుకో!"

విద్య అరవాల్సినవన్నీ మరచిపోయింది. శాలువా పడేసి, వల అందుకుని మోకాళ్ళ మీద కూర్చుంది. గోదావరి ఒడ్డున పెరిగిన చేతులు కదా, ఎవరూ నేర్పక్కర్లేకపోయింది. వలని నీళ్ళ అడుగు నుంచి తీసుకెళ్ళి తల వైపు పెట్టింది. వల బరువుకి ముందుకి తూలబోయి, వంతెన అంచు పట్టుకుని నిలదొక్కుకుంది.

నెలల పిల్లంత చేప. ఆకుపచ్చ వీపు, పిడికిలి పట్టేంత నోరు, గుడ్లతో ఉబ్బిన కడుపు. దానితోపాటు వలలో పడున్న రబ్బరు ఎర జానెడు పొడుగు ఉంది. చేప ఆకారంలో ఉన్న ఆ ఎర మొప్పల దగ్గర గీసిన ఎర్ర గీతలు చూడగానే విద్య తన గోళ్ళ రంగు గుర్తుపట్టింది.

అనిక చేపని వలతో సహా తూకానికి తగిలించి, వల బరువు తీసేసి చూసింది. పద్నాలుగు పౌండ్లు దాటింది. ఏడుస్తూ నవ్వుతూ, "అమ్మా, అదే, అదే, బోర్డు మీద దానికంటే పెద్దది," అంది. విద్యకి కూడా కళ్ళు చెమ్మగిల్లాయి. అప్పుడు అనిక చేపని నీళ్ళలో తడిపి పట్టుకుని పక్కకి తిప్పింది. తిప్పి, అలాగే ఉండిపోయింది. కొక్కెం నోట్లో లేదు. బయట, పక్క రెక్క వెనకాల గుచ్చుకుని ఉంది. ముట్టుకోగానే ఊడి చేతిలోకి వచ్చింది.

ఏమైందని విద్య అడిగితే అనిక చెప్పింది. చేప ఎరని నోటితో తీసుకోవాలి. పక్కన గుచ్చుకుంటే అది పట్టినట్టు కాదు. రికార్డుకి లెక్కలోకి రాదు.

విద్య చేపని చూసింది, కూతురి మొహం చూసింది. ఇందాకటి ఆ సంతోషం కోసమే కదా ఇన్ని శనివారాలు. ఆఫీసు గోడ, చెక్క పలక, కింద మాడిన మొహంతో స్రవంతి, అన్నీ ఒక్కసారి కళ్ళ ముందు మెదిలాయి.

"ఇప్పుడు ఊడిపోయిందిగా," అంది మెల్లగా. "ఎక్కడ గుచ్చుకుందో ఎవరికి తెలుసే? ఇక్కడెవరున్నారు?"

అనిక తలెత్తి చూసింది. కోపం లేదు, ఎత్తిపొడుపు లేదు.

"నువ్వున్నావు కదా. నువ్వు చూశావు."

విద్యకి ఎవరో ఛెళ్ళున చరిచినట్టయింది. ఈ పిల్లని కనిపెట్టడానికి చెట్ల చాటున నక్కుతూ వచ్చింది తను. అబద్ధం పట్టుకోవడానికి వచ్చి, అబద్ధం ఆడమని చెప్పింది కూడా తనే.

ఫొటో అయినా తీసుకోమంది. అనిక తల అడ్డంగా ఊపింది. ఫొటో చూస్తే అందరూ రికార్డనే అంటారు, కొక్కెం సంగతి ఎవరూ అడగరు, అప్పుడు ఆ ఫొటోనే అబద్ధం అవుతుంది అంది. రెండు చేతులతో చేపని నీళ్ళలో ఆనించి, ఊపిరి అందేదాకా పట్టుకుంది. విద్య కూడా చెయ్యి వేసింది. చేప ఒకసారి తోక కొట్టి, ఇద్దరి మొహాల మీదా నీళ్ళు చిమ్మి వెళ్ళిపోయింది. అప్పుడు ఏడ్చింది అనిక, చిన్నపిల్లలా వెక్కి వెక్కి. విద్య ఆ తల ఒళ్ళోకి తీసుకుని, తనూ ఏడ్చింది.

"నిన్ను అనుమానించానే. ఎవడో ఉన్నాడనుకున్నాను."

"నేను కూడా హంసిక గురించి చెప్పాల్సింది. సారీ అమ్మా."

"ఇంకోసారి ఒక్కదానివే రాకు. నన్ను లేపు, నేనొస్తా."

పెసరట్లు చల్లారిపోయాయి. వంతెన మీద కూర్చుని అవే తిన్నారు.

ఇంటికి వచ్చేసరికి ఫణికుమార్ గుమ్మంలోనే ఉన్నాడు. భార్య నైట్ డ్రెస్సు, బురద చెప్పులు, ఇద్దరి ఎర్రబడ్డ కళ్ళూ చూసి కంగారుపడ్డాడు. విద్య అంతా చెప్పింది, చేప ఇంత ఉందని చేతులు చాపి మరీ. ఆయన ఓపిగ్గా విని, కూతురి ఖాళీ చేతుల వైపు, భార్య ఖాళీ చేతుల వైపు చూశాడు.

"పద్నాలుగు పౌండ్ల చేపని పట్టి వదిలేశారా? ఫొటో కూడా లేదా?" కళ్ళజోడు సవరించుకున్నాడు. "నమ్మమంటావా విద్యా?"

అనిక ఏదో చెప్పబోయింది. విద్య ఆ పిల్ల భుజం మీద చెయ్యి వేసి ఆపింది. ఆ చేతికి ఇంకా నీచు వాసన వస్తోంది.

"నమ్మండి," అంది. "నేను చూశాను."