షీల్డ్ వేసిన షిప్పు

"షీల్డ్ వేసిన షిప్పు ఆ వంతులో కాల్చకూడదు," అంది అనీసా, రూల్స్ పుస్తకం మూసేస్తూ.

వేయబోతున్న పాచిక సాయిగణేష్ చేతిలోనే ఉండిపోయింది.

మధ్యాహ్నం భోజనాలయ్యాక ఏడో తరగతి పిల్లలంతా లైబ్రరీలో గ్రానైట్ బల్ల చుట్టూ మూగారు. మార్టూరులో గ్రానైట్‌కేం కొదవ! దాని మీద పరిచిన నల్లటి గళ్ల బోర్డే ఆకాశం. గళ్లలో అట్టతో చేసిన చిన్న చిన్న స్టార్‌షిప్పులు. పాచిక వేసి ఎదుటివాళ్ల షిప్పుల్ని కాల్చాలి, దెబ్బ తగలకుండా షీల్డ్ వేసుకోవాలి. చివరికి ఎవరి షిప్పు మిగిలితే వాళ్లదే గెలుపు. చీరాలలో జరిగే పోటీకి సౌజన్య ఇప్పటికే ఎంపికైంది. ఈ ఆట గెలిచినవాళ్లు ఆమెతో కలిసి వెళతారు.

"నా షిప్పు కదల్లేదుగా. ఉన్నచోటే ఉంది. అయినా కాల్చకూడదా?" అన్నాడు సాయిగణేష్. పుస్తకం ఒకసారి ఇమ్మని చెయ్యి చాచాడు.

ఆ పుస్తకమంతా ఇంగ్లీషులో ఉంటుంది. తరగతిలో ఇంగ్లీషు గడగడా చదివేది అనీసా ఒక్కతే. అందుకే ఏ అనుమానం వచ్చినా అందరూ ఆమెనే అడుగుతారు. అలా అడిగించుకోవడం ఆమెకు భలే ఇష్టం.

"నువ్వు కూడబలుక్కుని చదివేసరికి బెల్లు కొట్టేస్తారు," అంది.

అందరూ నవ్వారు. సాయిగణేష్ చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఆ తర్వాత అతని షిప్పులు ఒక్కొక్కటిగా అన్నీ పేలిపోయాయి. అనీసా గెలిచింది.

సాయంత్రం ఇంట్లో వాళ్లమ్మ నసీమున్నీసా మిరపకాయల తొడిమలు తీస్తోంది. అనీసా ఆ పక్కనే చాప మీద బోర్లా పడుకుని, చీరాల పోటీ కోసం రూల్స్ మళ్లీ మొదటి నుంచి చదవసాగింది. షీల్డ్ గురించిన వాక్యం పేజీలో చిట్టచివర ఉంది. ఆమె ఎప్పుడూ అక్కడే ఆగిపోయేది. ఈసారి పేజీ తిప్పింది.

వాక్యం ఇంకా అయిపోలేదు. షిప్పు కదలకుండా ఉన్నచోటే ఉంటే షీల్డ్ వేసినా కాల్చవచ్చని అవతలి పేజీలో ఉంది.

అనీసా మొహం వేడెక్కింది. సాయిగణేష్ అడిగింది సరిగ్గా ఇదే. అతను ఆ వంతులో కాల్చి ఉంటే ఆట ఎటు తిరిగేదో! ఈ సంగతి ఎవరికీ తెలియదు. తెలిసేదీ లేదు, పుస్తకం చదివేది తనే కదా. ఆ ఆలోచన రాగానే ఆమెకు సిగ్గేసింది. కళ్లలో ఘాటు పడిందా అని అమ్మ అడిగితే, కాదని తల ఊపింది.

మర్నాడు ప్రేయర్‌కు ముందే హెలెన్ టీచర్ దగ్గరికి వెళ్లి జరిగిందంతా చెప్పేసింది. టీచర్ రెండు పేజీలూ చూసి, ఆట మళ్లీ పెట్టిద్దామన్నారు.

"సాయిగణేష్‌కి నేను చెప్పనా, నువ్వు చెబుతావా?"

"నేనే చెబుతా టీచర్," అంది అనీసా.

కుళాయి దగ్గర అతను కనిపించాడు. ఆమె పుస్తకం తెరిచి అతని చేతికిచ్చింది. సాయిగణేష్ వేలు పెట్టి ఒక్కో మాటా చదివాడు. మధ్యలో తడుముకున్నాడు, వెనక్కి వెళ్లి మళ్లీ చదివాడు. అతను చదవడం అయ్యేదాకా అనీసా ఆగింది.

"రూల్ తప్పు చదవడం ఎవరికైనా జరుగుద్ది," అన్నాడు చివరికి. "నన్ను చదవనియ్యకుండా అందరిముందూ నవ్వించావు చూడు, దానికే నాకు బాధేసింది."



"నేనట్లా అనకుండా ఉండాల్సింది," అంది అనీసా. "మళ్లీ ఆడదాం. ఆడేముందు రూల్స్ మొత్తం ఇద్దరం కలిసి చదివి, తెలుగులో రాసి లైబ్రరీ గోడకి అంటిద్దాం. అప్పుడిక నన్నే అడగాల్సిన పని ఎవరికీ ఉండదు."

సాయిగణేష్ వెంటనే ఒప్పుకోలేదు. బెల్లు కొట్టాక తరగతిలోకి వెళుతూ, "ఇంటర్వెల్‌లో రా," అన్నాడు.

అనుకున్నంత తేలికైన పని కాదది. అనీసా చదువుతుంటే సాయిగణేష్ అడ్డం పడి ప్రశ్నలు వేసేవాడు. రెండు షిప్పులు గుద్దుకుంటే ఎవరి షీల్డ్ పోతుంది? పేలిన షిప్పు గడి ఖాళీ అయినట్టా, కానట్టా? ఇలాంటివి ఆమెకు ఏనాడూ తట్టలేదు. అర్థం కానిచోట షిప్పుల్ని బోర్డు మీద పెట్టి ఆడి చూశారు. పోట్లాడుకున్నారు కూడా. సౌజన్య స్కెచ్ పెన్నుతో రాస్తుంటే చార్టు నిండా కొట్టివేతలే. అయినా ఇంటర్వెల్‌లోనూ, స్కూలు వదిలాకా కూర్చుని, పట్టువదలకుండా పూర్తిచేశారు.

ఆ తర్వాత ఆట మళ్లీ పెట్టారు. షీల్డ్ దగ్గర గొడవొచ్చిన ఆ వంతు నుంచే మొదలైంది. సాయిగణేష్ కాల్చాడు. అనీసా షిప్పు ఒకటి పోయింది. ఆమె తేరుకుని అతని షిప్పుల్ని వెంటాడింది. చివరికి ఇద్దరికీ తలొకటి మిగిలింది.

వంతు సాయిగణేష్‌ది. షిప్పు తుపాకీ అయిదు గళ్ల దాకా అందుతుందని చార్టులో ఉంది. అతను తన షిప్పు ఉన్న గడి మీద వేలు పెట్టి, అక్కడి నుంచే అనీసా షిప్పు దాకా లెక్కపెట్టాడు. ఆరు వచ్చింది.

"ప్చ్, అందదు," అంటూ పాచిక పక్కన పెట్టేశాడు.

అనీసా బోర్డు వంక చూసింది. ఆమె షిప్పు బతికిపోయింది. ఈసారి తన వంతు వస్తే గెలిచేది తనే. కానీ పుస్తకంలో ఆ రూల్ కింద ఒక బొమ్మ ఉండటం గుర్తొచ్చింది. దాన్ని చార్టులో ఎక్కించలేదు.

"ఆగు," అంది. పుస్తకం తెరిచి బల్ల మధ్యలో పెట్టింది. "ఈ బొమ్మ చూడు. షిప్పు ఉన్న గడిని లెక్కపెట్టలేదు. పక్క గడి నుంచి మొదలుపెట్టారు."

సాయిగణేష్ వంగి బొమ్మ చూశాడు. మళ్లీ లెక్కపెట్టాడు. ఈసారి అయిదే.

అతను అనీసా మొహంలోకి ఒకసారి చూసి పాచిక వేశాడు. దెబ్బ తగిలింది.

లైబ్రరీలో గోల మొదలైంది. "నువ్వే చెప్పావేంటే!" అంది సౌజన్య. అనీసా తన షిప్పును తనే తీసి పెట్టెలో వేసింది. కళ్లు చెమర్చాయి గానీ తుడుచుకోలేదు. చార్టు దగ్గరికి వెళ్లి, అయిదు గళ్ల రూల్ పక్కన ఆ బొమ్మ గీసింది.

తిరిగొచ్చి, బోర్డు మీద షిప్పుల్ని మళ్లీ వరసగా పేర్చడం మొదలుపెట్టింది.

"కూర్చోరా," అంది సాయిగణేష్‌తో. "చీరాల వాళ్లు గట్టిగా ఆడతారంట. వాళ్లకు బదులు ఇప్పుడు నేనాడతాను. నన్ను ఓడించు చూద్దాం."