మొదటి సెట్

కంచె అవతల ఎవరో ఫోన్ పైకెత్తి పట్టుకుని నిలబడ్డారు.

అమల చేతిలోని బంతి అక్కడే ఆగిపోయింది. పొద్దున్నే యూనివర్సిటీ క్యాంపస్‌లోని టెన్నిస్ కోర్టులో ఆమె ఒక్కతే సర్వ్ ప్రాక్టీస్ చేస్తోంది. వాన వెలిసి కాసేపే అయింది. దూరంగా రోడ్డు మీద వాకింగ్ చేసే పెద్దవాళ్ళు తప్ప చుట్టుపక్కల మనిషి లేడు.

ఫోన్. మళ్ళీ ఫోటో తీస్తున్నాడు. వీడే.

అరవాలనుకుంది. అంతలోనే చెయ్యి తనకు తెలిసిన పని చేసింది. బంతి ఎగిరింది, రాకెట్ లేచింది. సర్వ్ నేరుగా వెళ్ళి ఆ మనిషి మొహానికి ఎదురుగా కంచెకు తగిలింది. అతను కెవ్వుమని వెనక్కి ఎగిరి, నీళ్ళగుంటలో కూలబడ్డాడు.

"ఏంది మేడమ్, చంపుతవా?"

"ఎవరు నువ్వు? ఎవరు పంపిన్రు నిన్ను?"

"శివకుమార్ సార్ పంపిండు! గీడ సిగ్నల్ లేదు, సార్‌కు ఫోన్ కలుస్తలేదని పైకెత్తిన. గంతే!"

అప్పుడే కోచ్ శివకుమార్ స్కూటర్ దిగి వచ్చాడు. నీళ్ళగుంటలో ఉన్న కుర్రాణ్ణి, రాకెట్ కత్తిలా పట్టుకున్న అమలను చూసి, "పరిచయం అయిపోయినట్టుందే" అన్నాడు. "అమలా, ఎడమచేతి వాళ్ళంటే నీకు తంటా కదా. అందుకే తెచ్చిన. యూనివర్సిటీ టీమ్‌ల ఆడుతడు, జియాలజీల పీహెచ్‌డీ చేస్తున్నడు."

అతను లేచి, బురద చేతిని చొక్కాకు తుడుచుకుని ముందుకు చాపాడు. "రాజ్."

అమల ఆ చెయ్యి అందుకోలేదు.

* * *

ఆమె భయానికి కారణం ఉంది. అది ఎవరికీ తెలియదు.

అమల ప్రొఫెషనల్ టెన్నిస్ ప్లేయర్. పెద్ద పేరేమీ లేదు, ర్యాంకు ఆరు వందల చిల్లర. ఊరి నుంచి ఊరికి, దేశం నుంచి దేశానికి చిన్న చిన్న టోర్నీలు ఆడుతూ ఒక్కో మెట్టూ ఎక్కుతోంది. పోయిన నెల ఇండోర్‌లో గెలవాల్సిన మ్యాచ్ ఓడిపోయింది. ఆ సాయంత్రమే ఆమె మీద పందెం కాసినవాళ్ళ బూతులు ఫోన్ నిండా వచ్చాయి. అందరు అమ్మాయిలకీ వస్తాయి, బ్లాక్ చేసెయ్ అంది తోటి ప్లేయర్. చేసింది. ఒకడు మాత్రం కొత్త కొత్త అకౌంట్లతో వస్తూనే ఉన్నాడు. వారం కిందట అతను ఒక ఫోటో పంపాడు. అందులో ఉన్నది అమలే, ఇదే కోర్టులో. కింద ఒకటే వాక్యం: 'తార్నాకలో ప్రాక్టీస్ బాగుందా?'

ఇంట్లో చెప్పలేదు. నాన్న ఉప్పలయ్య రైల్వే వర్క్‌షాపులో టెక్నీషియన్. మెట్టుగూడ క్వార్టర్స్ పక్కన రైల్వే క్లబ్బు కోర్టులో ఆమె చేతికి మొదటిసారి రాకెట్ ఇచ్చింది ఆయనే. ఈ సంగతి తెలిస్తే ఒంటరి ప్రయాణాలు ఆపించేస్తాడు. ప్రయాణాలు ఆగితే ఆట ఆగినట్టే.

అందుకే భయాన్ని మింగి తిరుగుతోంది. తార్నాకలో మెట్రో ఎక్కితే పక్క స్టేషనే మెట్టుగూడ. ఆ కాస్త దూరంలోనే పెట్టెలోని ప్రతి మొహాన్నీ వెతికేది. ఎవరైనా ఫోన్ పైకెత్తితే చాలు, తల తిప్పుకునేది.

రాజ్‌తో ప్రాక్టీస్ మొదలైంది. అతని సర్వ్ విచిత్రంగా పక్కకు తిరిగి ఆమెను కోర్టు బయటికి లాక్కుపోయేది.

"మేడమ్, బాల్ గీడ ఉన్నది, మీరు గాడ కొడుతున్నరు."

"నోరు మూసుకుని సర్వ్ చెయ్."

"నోరు మూసుకుంటే ఊపిరాడది మేడమ్. రాళ్ళ మీద రిసెర్చ్ నాది. పొద్దంత రాళ్ళే, ఒక్కటి కూడ మాట్లాడది. జర మీరన్న మాట్లాడున్రి."

ఒక్కోసారి ఆమెకు నవ్వొచ్చేది. వెంటనే అనుమానమూ వచ్చేది. ఎందుకంటే ఆ మెసేజీలు మారాయి. 'ఇవాళ డబుల్ ఫాల్టులు ఎక్కువైనట్టున్నాయే' అని ఒకటి, నిజంగానే ఆ రోజు వరసగా రెండేసి సర్వ్‌లు తప్పింది. 'కొత్త ఎడమచేతి కుర్రాడు బాగున్నాడా?' అని ఇంకొకటి, దాని కింద సర్వ్ చేస్తున్న ఆమె కొత్త ఫోటో. కోర్టులో జరిగింది సాయంత్రానికల్లా వాడికి తెలుస్తోంది. కోర్టులో ఉండేదేమో ముగ్గురు. తను, కోచ్, రాజ్.

ఒకరోజు ప్రాక్టీస్ మధ్యలో వాన దంచి కొట్టింది. ఇద్దరూ పరుగెత్తి క్యాంటీన్ రేకుల కింద దూరారు. తడిసిన జుట్టులోంచి నీళ్ళు కారుతుంటే అతను తన టవల్ ఇచ్చాడు. ఆమె తీసుకుంది. ఆ చూపులో వంకర ఏదీ కనిపించలేదు. కాసేపు వానను చూస్తూ నిలబడింది. చాలా రోజుల తర్వాత భుజాలు కాస్త తేలికయ్యాయి.

"అరే రాజలింగూ!" అంటూ ఎవరో కేకేశారు. అతని స్నేహితుడు ముఖేష్, చేతిలో చాయ్ గ్లాసుతో. "గీడున్నవా? గైడ్ నీకోసం లొల్లి పెడుతున్నడు."

అమల టవల్ కింద పెట్టింది. "రాజలింగు ఎవరు?"

అతని మొహం కందిపోయింది. "అంటే... మా తాత పేరు అది. మొదటి దినమే చెప్తే నవ్వుతరని..."

"అబద్ధం చెప్పినవ్. పేరే అబద్ధం. ఇంకా ఏమేం చెప్పినవ్? ఫోన్ ఇయ్యి."

"ఏంది?"

"నీ ఫోన్ ఇయ్యి!"

క్యాంటీన్‌లో అందరూ చూస్తున్నారు. అతను ఫోన్ తెరిచి ఆమె చేతిలో పెట్టాడు. గ్యాలరీ నిండా ఆమే ఉంది. సర్వ్ చేస్తూ, పరుగెడుతూ, నీళ్ళు తాగుతూ. అన్నీ వీడియోలే.

"సార్ తియ్యమన్నడు, సర్వ్ చూసుకోవడానికి..." అతను చెబుతూనే ఉన్నాడు. ఫోన్ బల్ల మీద పడేసి, ఆమె వానలోకి పరుగెత్తింది. స్టేషన్ చేరేదాకా వెనక్కి తిరిగి చూడలేదు.

* * *

నగరంలో జరిగే అంతర్జాతీయ టోర్నీ డ్రా, ఎవరు ఎవరితో ఆడాలన్న జాబితా, మరుసటి రోజు వచ్చింది. మొదటి రౌండ్లో థాయ్‌లాండ్ అమ్మాయి. ఎడమచేతి వాటం. డ్రా వచ్చిన కాసేపటికే మెసేజ్ వచ్చింది.

'మొదటి సెట్ ఓడిపో. పందెం దాని మీదే. అంతే చాలు. లేదంటే మీ ఇల్లు నాకు తెలుసు.' దాని కింద ఫోటో. మెట్టుగూడలో తమ క్వార్టర్ గేటు. గేటు దగ్గర అమ్మ స్వర్ణ నవ్వుతూ నిలబడి ఉంది.

వంటింట్లో అమ్మ గిన్నెలు సర్దుతున్న చప్పుడు వినిపిస్తోంది. వెళ్ళి తలుపు గడియ పెట్టింది. పెట్టాక మళ్ళీ చూసుకుంది.

ఇక దాచి లాభం లేదనిపించింది. తనను బెదిరిస్తున్నవాణ్ణి నలుగురిలో నిలబెట్టి అడగాలి. పొద్దున్నే జియాలజీ డిపార్ట్‌మెంట్‌కు వెళ్ళింది. మెట్ల మీద పదిమంది మధ్య కూర్చున్న రాజలింగు మొహానికి ఎదురుగా ఫోన్ పెట్టింది.

"మా అమ్మ జోలికొస్తే ఊరుకోను."

అతను మెసేజ్ చదివాడు. పైకి జరిపి పాతవీ చదివాడు. చదువుతున్నకొద్దీ అతని పెదాలు తెల్లబడ్డాయి.

"ఇన్ని దినాలు ఒక్కదానివే మోసినవా ఇదంత?"

"నటించకు!"

"అమలా, జర ఆగు. గీ గేటు ఫోటో చూడు. స్టార్ వేలాడుతున్నది. ఇప్పుడున్నదా మీ గేటుకు?"

ఆమె చూసింది. కాగితం నక్షత్రం, లోపల బల్బు. క్రిస్మస్‌కు కట్టి, జనవరిలో తనే విప్పేసింది. ఇప్పుడు ఆగస్టు.

"ఇది ఇప్పుడు తీసింది కాదు. ఎవరో ఆన్‌లైన్‌ల పెట్టింది ఎత్తుకున్నడు వాడు." అతను మళ్ళీ సర్వ్ చేస్తున్న ఆ కొత్త ఫోటో తెరిచాడు. "ఇది మాత్రం నేను తీసిందే."

అమల ఒకడుగు వెనక్కి వేసింది.

"పారిపోకు. నా వీడియోల్నుంచి కోసిండు. నేను రాకముందు సారే తీసేటోడు, ఇప్పుడు నేను తీసి సార్‌కు పంపుతా. సార్ ఎవరికి పంపుతడు?"

ఆమెకు తెలుసు. సార్ ప్రతి సాయంత్రం నాన్నకు పంపుతాడు, అవి సారే తీస్తాడనుకుంది ఇన్నాళ్ళూ. నాన్న...

ఉప్పలయ్య ఫేస్‌బుక్ పేజీ తెరిచింది. అంతా అక్కడే ఉంది, ఎవరైనా చూసేలా. 'నా బిడ్డ ఇవాళ ప్రాక్టీస్, డబుల్ ఫాల్ట్స్ తగ్గాలె', 'తార్నాక క్యాంపస్‌ల కొత్త ఎడమచేతి అబ్బాయితోని', 'మా ఇంట్ల క్రిస్మస్'. కంచె అవతల ఎవడూ నిలబడలేదు. వాడు ఎక్కడో కూర్చుని నాన్న గర్వాన్నే ఆమె మీదికి తిప్పాడు.

అమల ఆ మెట్ల మీదే కూలబడి ఏడ్చింది. ఆమె ఏడుపు అయ్యేదాకా రాజలింగు పక్కనే కూర్చున్నాడు.

* * *

"నేనే చూపిచ్చిన్నా వానికి నా బిడ్డను?" ఉప్పలయ్య ఆ మాటే అంటున్నాడు. "మా వర్క్‌షాపోళ్ళు చూస్తరని పెట్టిన. వద్దు బిడ్డా. ఆట వద్దు, ఏం వద్దు. ఇంట్లనే ఉండు."

"ఇంట్లుంటే వాడు గెలిచినట్టే డాడీ."

"గెలవనీ. నాకు నువ్వు కావాలె."

స్వర్ణ లేచి చెప్పులు వేసుకుంది. "ముందు పోలీస్ స్టేషన్ పోదాం పట్టున్రి. ఆడాలా వద్దా అన్నది వచ్చినంక అది చెప్తది. భయపడుతున్నది అదే కదా, అదే చెప్పాలె."

సైబర్ పోలీసులు ఫిర్యాదు తీసుకున్నారు. టోర్నీ వాళ్ళకూ చెప్పారు, గేటు దగ్గర కాపలా పెంచుతామన్నారు. వాడెవడో తెలియడానికి మాత్రం సమయం పడుతుందన్నారు.

అమల ఆడతానంది. అన్న క్షణం నుంచి అన్నం లోపలికి దిగలేదు.

"ఇంకో భయం ఉన్నది" అంది రాజలింగుతో, మ్యాచ్ ముందు రోజు కోర్టు బెంచీ మీద. "నిజంగనే మొదటి సెట్ ఓడిపోతే? అమ్ముడుపోయిందంటరు. బెదిరిందంటరు. ఓడే హక్కు కూడ లేకుంట చేసిండు నాకు."

"నాకు ఏం చెప్పాల్నో తెలుస్తలేదు" అన్నాడు. ఆ నిజాయితీ ఆమెకు నచ్చింది.

* * *

మొదటి సెట్ ఆమె ఓడిపోయింది.

ప్రతి పాయింటుకూ ప్రాణం పెట్టి, టై బ్రేక్ దాకా లాక్కొచ్చి ఓడింది. కుర్చీలో కూర్చుంటే నీళ్ళ సీసా మూత తియ్యడానికి వేళ్ళు రాలేదు. ఎక్కడో వాడు నవ్వుకుంటూ ఉంటాడు. మాట విన్నదనుకుంటాడు. లేచి వెళ్ళిపోదామా అనిపించింది.

గ్యాలరీ వైపు చూసింది. అమ్మ కళ్ళు మూసుకుని ప్రార్థన చేస్తోంది. నాన్న మొహం చేతుల్లో దాచుకున్నాడు. ఆ పక్కన రాజలింగు కూర్చోలేదు, నిలబడ్డాడు. చెమటలు కక్కుతూ, కోర్టు వంకే చూడకుండా, బెదిరిన మేకపిల్లలా అటూ ఇటూ తల తిప్పుతున్నాడు. లోకంలో తనకంటే ఎక్కువ భయపడుతున్న మనిషి ఒకడున్నాడు.

అమలకు నవ్వొచ్చింది. మూత ఊడింది. నీళ్ళు తాగి లేచింది.

రెండో సెట్లో భయం ఇంకా పోలేదు. భయంతోనే కొట్టింది. పక్కకు తిరిగే ఆ ఎడమచేతి సర్వ్ ఎక్కడ పడుతుందో ఇప్పుడు ఆమె కాళ్ళకు ముందే తెలుస్తోంది. రెండో సెట్ గెలిచింది. మూడోది ఆకాశం మబ్బు పట్టేసరికి ముగిసింది. చివరి బంతి అవతలి అమ్మాయి నెట్‌కు కొట్టింది. అమల రాకెట్ వదిలేసి కోర్టు మధ్యలో మోకాళ్ళ మీద కూర్చుండిపోయింది.

బయట గ్యాలరీ వెనక రాజలింగు దొరికాడు. చొక్కా పిండితే నీళ్ళు కారేలా ఉంది.

"ఎట్ల ఆడిన?" అంది.

"నాకు తెల్వది."

"తెల్వదా?"

"జనంల ఎవడన్న లేస్తే అడ్డంబోవాలె కదా. వాడు ఏడికెల్లి లేస్తడో అని అందరి మొహాలు చూస్తున్న. ఆట చూడలె."

"ఒక్క పాయింట్ కూడా?"

"స్కోర్ మీ డాడీ చెప్పిండు."

అమల అతని కళ్ళలోకి చూసింది. చినుకులు మొదలయ్యాయి. ఇద్దరూ కదల్లేదు.

"రాజలింగూ, నీకు నేనంటే ఇష్టమా?"

"మొదటి దినం నుంచి. నీళ్ళగుంటల కూసున్నప్పటి నుంచి. చెప్తే ఇంకో సర్వ్ కొడుతవని..."

"నాక్కూడ" అంది. చెప్పాక గుండె దడదడలాడింది, మ్యాచ్ పాయింట్ అప్పుడు కూడా అంతగా కొట్టుకోలేదు.

* * *

వాడు రెండు నెలలకు దొరికాడు. వేరే రాష్ట్రంలో ఏదో పట్నం, హైదరాబాద్ మొహమే చూడలేదు. ఇంకా చాలామంది అమ్మాయిలకు ఇలాగే రాశాడట. పోలీసులు ఫోన్ చేసి చెప్పినప్పుడు సంతోషం వేస్తుందనుకుంది అమల. కేవలం అలసటగా అనిపించింది. ఇప్పటికీ ఎవరైనా ఫోన్ పైకెత్తితే తల పక్కకు తిరిగిపోతుంది. తిరిగిన తలను మళ్ళీ ముందుకు తెచ్చుకోవడం మాత్రం నేర్చుకుంది.

పుణె టోర్నీకి బయల్దేరిన రోజు సికింద్రాబాద్ స్టేషన్‌కు అందరూ వచ్చారు. ఉప్పలయ్య రాజలింగును ఎగాదిగా చూసి, గొంతు సవరించుకున్నాడు.

"ఆదివారం చర్చి అయినంక ఇంటికి రా బాబూ. మటన్ వండుతరు. మీ అమ్మానాన్నల గురించి మాట్లాడుకుందాం."

"ఆదివారం నేను లేను కదా డాడీ!" కిటికీలోంచి అమల అరిచింది.

"అందుకే రమ్మంటున్న. నువ్వుంటే మమ్మల్ని మాట్లాడనిస్తవా?"

స్వర్ణ నవ్వి కొంగుతో కళ్ళు తుడుచుకుంది. రైలు కదిలింది. అమల చెయ్యి బయటికి పెట్టి ఊపింది. అమ్మ ఒక్కతే తిరిగి ఊపుతోంది. ఆ ఇద్దరు మగవాళ్ళు అప్పుడే ఎడమచేతి సర్వ్ ఎలా పట్టాలన్నదాని మీద వాదన మొదలుపెట్టి, ప్లాట్‌ఫారం మీద చేతులతో గాలిలో బంతులు కొడుతూ, వెళ్ళిపోతున్న రైలు సంగతే మరిచిపోయారు.