గోల్ పోస్టు పక్కన గడ్డి ముక్క

"ప్లాస్టిక్," అన్నాడు క్లిఫ్ తాత, స్టేడియం గేటు బయటే ఆగిపోయి. "ప్లాస్టిక్ మీద ఆడే ఆట నేను చూడను."

"గడ్డయ్యా బాబూ, నిజం గడ్డే," అంది బ్రెండా మామ్మ. "మధ్యలో ప్లాస్టిక్ దారాలు కుట్టారంతే. వేళ్ళు వాటిని చుట్టుకుని గట్టిగా నిలబడతాయట. నీ పళ్ళసెట్టుకంటే గట్టిగా."

"నా పళ్ళ జోలికి రాకు."

వాళ్ళిద్దరూ భార్యాభర్తలు కారు, రెడ్‌గేట్ టౌన్ ఫుట్‌బాల్ జట్టు అభిమానులు. ఏళ్ళ తరబడి గోల్ వెనక కటకటాల దగ్గర పక్కపక్కనే నిలబడి, రిఫరీ మీద కంటే ఒకరి మీద ఒకరే ఎక్కువ అరుచుకున్నారు. ఈ వేసవిలో క్లబ్బు వాళ్ళు పాత బురద మైదానాన్ని తవ్వించి, గడ్డీ దారాలూ కలిసిన కొత్త హైబ్రిడ్ పిచ్ వేయించారు. ఈ రోజు మధ్యాహ్నం దాని మీద మొదటి మ్యాచ్. పొద్దున అభిమానులు చుట్టూ తిరిగి చూసుకోవచ్చని గేట్లు తెరిచారు.

"లోపలికి రావా తాతా?" అంది క్లిఫ్ తాత మనవరాలు, పదేళ్ళ మార్నీ.

"రాను. మ్యాచ్‌కీ రాను. రేడియోలో వింటాను."

"అప్పుడు ఎవరి మీద అరుస్తావు?" అంది బ్రెండా మామ్మ.

"రేడియో మీద."

తాత వెనక్కి తిరిగి చూడకుండా ఇంటి దారి పట్టాడు.

మార్నీ మ్యాచ్‌కి బ్రెండా మామ్మతో రావచ్చు. కానీ గోల్ పడిన ప్రతిసారీ తాత తన టోపీ తీసి మార్నీ తల మీద బోర్లిస్తాడు. అది రేడియోలో కుదరదు.

లోపల మైదానం పచ్చగా, ఇస్త్రీ చేసినట్టు ఉంది. చుట్టూ తాడు కట్టారు. మైదానం చూసుకునే టాటర్సాల్ చుట్టూ జనం మూగి ఒకటే ప్రశ్నలు.

"చూడండి, ఫొటోలు తీసుకోండి. తాడు మాత్రం దాటకండి," అంటున్నాడాయన. "వేళ్ళు ఇంకా కుదురుకుంటున్నాయి."

మార్నీ గోల్ పోస్టు వైపు నడిచింది. అక్కడ ఎవరూ లేరు. తాత చేత్తో పట్టుకుని చూస్తే నమ్ముతాడు కదా అనుకుంది. బూటు లేసు కట్టుకుంటున్నట్టు వంగి, తాడు కింద నుంచి దూరింది. మెడలో ఉన్న ఇంటి తాళంచెవితో పోస్టు పక్కన నేలను కోసింది. దారాలు ఒక పట్టాన తెగలేదు. తెగేసరికి చేతివేళ్ళు ఎర్రబడ్డాయి. బిస్కెట్టంత ముక్క చేతిలోకి వచ్చింది. దాని చోట వేలు లోతు గుంత మిగిలింది.

మార్నీ ఆ గుంత మీద రాలిన గడ్డి కప్పింది. పైకి ఏమీ తెలియలేదు.

"ఎక్కడిదే ఇది?" అన్నాడు తాత ఇంట్లో, కళ్ళజోడు పెట్టుకుంటూ.

"టాటర్సాల్ గారు ఇచ్చారు. మచ్చుకి."

అబద్ధం చాలా సులువుగా వచ్చేసింది. తాత ముక్కను వాసన చూశాడు. ఒక పరక పీకి నమిలాడు కూడా.

"గడ్డే," అన్నాడు, ఒప్పుకోవడం ఇష్టం లేనట్టుగా. అంతలో ఆయన మొహం వెలిగింది. "కానీ దారాలున్నాయి చూశావా? చెప్పానా? ఇవి బ్రెండాకి చూపించాలి. పద."

ఖాళీ వెన్న డబ్బాలో ముక్క పెట్టుకుని తాత మ్యాచ్‌కి బయలుదేరాడు. మార్నీ గెంతుతూ వెంట వెళ్ళింది. ఆ గెంతులు కటకటాల దగ్గరికి వచ్చేదాకానే.

అక్కడ డబ్బా చేతులు మారింది. అందరూ ముక్కను చూసి నోళ్ళు తెరిచారు.

"టాటర్సాల్ మా మార్నీకి స్వయంగా కోసి ఇచ్చాడు," అని తాత మూడో వరస దాకా చెప్పేశాడు.

"ఆయనా?" అంది బ్రెండా మామ్మ. "ఆ మనిషి మైదానం మీద పిట్టనే వాలనివ్వడు."

మార్నీ వినడం లేదు. గోల్‌కీపర్ ఫెమి వార్మప్ చేస్తున్నాడు. పోస్టు దగ్గర అటు ఒక అడుగు, ఇటు ఒక అడుగు. ఒకసారి అతని బూటు ఆ గుంతకు జానెడు దూరంలో పడింది. ఇంకోసారి బెత్తెడు దూరంలో.

పోయినేడు పాత మైదానంలో గుంతలో కాలు పడి ఫెమి చీలమండ మడతపడింది. క్రిస్మస్‌కి కర్రల సాయంతో నడిచాడు. మార్నీ అతనికి కార్డు కూడా రాసింది. 'ఆ గుంతంటే నాకు అసహ్యం' అని.

రిఫరీ గడియారం చూసుకుంటున్నాడు.

చెప్తే తాత ఏమంటాడు? ఇంతమంది ముందు? ఫెమి మళ్ళీ పోస్టు వైపు జరిగాడు.

"తాతా, ఆ డబ్బా ఇటివ్వు."

"ఉండవే, బ్రెండా ఇంకా ఓటమి ఒప్పుకోలేదు."

"టాటర్సాల్ గారు ఇవ్వలేదు తాతా. నేనే తాళంచెవితో తవ్వాను. అదిగో, ఫెమి పక్కనే. అక్కడ గుంత ఉంది."

తాత డబ్బా ఆమె చేతికిచ్చాడు.

మార్నీ కటకటాల వెంట పరుగెత్తింది. టాటర్సాల్ మూల జెండా దగ్గర ఉన్నాడు. ఆమె మొత్తం చెప్పింది, ఎక్కడా ఆగకుండా, ఆగితే ఏడుపొస్తుందని. ఆయన డబ్బా అందుకుని, రిఫరీ దగ్గరికి నడిచాడు.

ఆట కాస్త ఆలస్యమవుతుందని మైకులో చెప్పారు. స్టేడియం మొత్తం మూలిగింది.

"మైదానం కొత్తది వేశారు సరే, గడియారం పాతదేనా?" అని ఎవరో అరిచారు. నవ్వులు. మార్నీకి ఆ నవ్వులన్నీ తన మీదే పడుతున్నట్టనిపించింది.

టాటర్సాల్ గుంతలో గుప్పెడు ఇసుక పోసి, ముక్కను పెట్టి, మడమతో అదిమాడు. తిరిగొచ్చి ఖాళీ డబ్బా ఇచ్చాడు.

"తాడు ఎందుకు కట్టామో ఇప్పుడు తెలిసిందా?"

మార్నీ తల ఊపింది.

"సరే," అని వెళ్ళిపోయాడు. తిట్టి ఉంటే బాగుండేదనిపించింది.

ఆట మొదలైంది. తాత ఎవరి మీదా అరవలేదు. విరామంలో కొన్న మాంసం కూరిన రొట్టె కూడా సగమే తిన్నాడు.

"ఏమయ్యా, మాట పడిపోయిందా?" అంది బ్రెండా మామ్మ.

"నేను రానని మొండికేయకపోతే దీనికి తాళంచెవితో పని ఏముంది?" అన్నాడు తాత మెల్లగా.

"ఆ మాట ఇంకోసారి అను. సాక్షులను పిలుస్తాను."

రెండో సగంలో వాన మొదలైంది. చివర్లో అవతలి జట్టు వాడు పోస్టు పక్కకు గట్టిగా కొట్టాడు. అందరూ బంతిని చూశారు. మార్నీ నేలను చూసింది. ఫెమి కాలు సరిగ్గా ఆ ముక్క మీదే ఆనింది. జారలేదు. ఆ కాలి మీద లేచి బంతిని బయటికి తోసేశాడు.

బ్రెండా మామ్మ తాతను పట్టుకుని ఊపేసింది. ఆ ఊపులో మార్నీ స్కార్ఫ్ కటకటాల మీద నుంచి జారి అవతల గడ్డిలో పడింది. చెయ్యి చాపితే అందేంత దూరంలో.

మార్నీ చెయ్యి కటకటాల దాకా వెళ్ళి ఆగింది. రెండు చేతులూ జేబుల్లో పెట్టుకుంది.

"తీసుకోవే, తడిసిపోతోంది," అన్నాడు తాత.

"టాటర్సాల్ గారు ఇటు వస్తారుగా తాతా. అడుగుతాను."

ఆయన ఇటు వచ్చేసరికి ఆట ముగిసింది. సున్నా-సున్నా. ఆయన తీసిచ్చిన స్కార్ఫ్ పిండితే బకెట్టు నీళ్ళు వచ్చేట్టుంది. మార్నీ జుట్టూ అలాగే ఉంది.

ఒక్క గోల్ కూడా పడకపోయినా, తాత తన టోపీ తీసి ఆమె తల మీద బోర్లించాడు.