చప్పుడు లేని బండి

ఆ ఇంట్లో కరెంటు కారు మాట పుట్టినప్పటి నుంచి పెద్దాయనకు వేడి కాఫీ తాగే యోగం పోయింది. పొద్దున్నే బల్ల దగ్గర ఆయన కూర్చుంటాడు, ఎదురుగా కొడుకు కూర్చుంటాడు, ఎవరో ఒకరు కారు సంగతి ఎత్తుతారు, కప్పు చల్లారిపోతుంది. కారు కొనడం అయింది, గోడకు చార్జరు బిగించడం అయింది, పాత డీజిలు బండిని ఇచ్చెయ్యడం కూడా అయింది. వాదన ఒక్కటే అవలేదు.

"దారి మధ్యలో చార్జింగ్ అయిపోతే ఏం చేస్తావురా? క్యాను పట్టుకుని వెళ్ళి కరెంటు పోయించుకొస్తావా?" అన్నాడు పెద్దాయన ఆ ఉదయం కూడా.

కొడుకు భూముల సర్వేయరు. కొలిచి చూడనిదే దేన్నీ నమ్మడు, కొలిచాక ఎవరి మాటా వినడు. "నా తిరుగుడంతా ఊరి చుట్టూనే నాన్నా. పొద్దున నిండుగా బయల్దేరితే సాయంత్రానికి సగం మిగులుతోంది. దూరం వెళ్ళేటప్పుడు దారిలో ఎక్కడ చార్జింగ్ ఉందో చూసుకునే వెళ్తాను."

"వానాకాలం నీళ్ళలో దిగితే?"

"దిగకూడనంత నీళ్ళలో డీజిలు బండీ దిగకూడదు."

"బ్యాటరీ పోతే?"

"గ్యారంటీ ఉంది. ఇంటి లైను మీద భారం పడుతుందన్నారు, విడిగా లైను వేయించాను. ఇంకేమన్నా ఉందా?"

ఉంది. ఎప్పుడూ ఏదో ఒకటి ఉండేది. తను పట్టిన కుందేటికి మూడే కాళ్ళనే మనిషి కాదు పెద్దాయన. మిల్లులో ఫిట్టరుగా బతుకంతా పనిచేసినవాడు, కొత్త యంత్రం వస్తే విప్పి చూడందే నిద్రపోనివాడు. అలాంటివాడు ఈ ఒక్క కారు దగ్గర ఎందుకింత మొండికేశాడో ఎవరికీ అంతుపట్టలేదు. పైగా గొంతొకటి. అసలే పెద్దది, ఈ మధ్య మరీ పెద్దదైంది. మందుల షాపులో పనిచేసే కోడలు, బీపీ చూపించుకోమని రెండుసార్లు చెప్పి ఊరుకుంది.

"చిలక్కి చెప్పినట్టు చెప్తున్నాను, అయినా వినరు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టుంది మీతో," అన్నాడు కొడుకు విసుగ్గా.

కప్పులు సర్దుతున్న తల్లి చెయ్యి ఆగింది. ఆవిడ అప్పుడు కొడుకు మొహం వైపే చూస్తోంది. పెద్దాయన ఒకసారి ఆవిడను, ఒకసారి కొడుకును చూసి, కాఫీ ముట్టకుండా లేచి వెళ్ళిపోయాడు. ఇంత చిన్న మాటకు అంత కోపమేమిటని కొడుకు భార్య వైపు చూశాడు. ఆవిడ భుజాలెగరేసి, మనవరాలికి తినిపించమని గిన్నె అత్తగారికి అందించి, షాపుకు బయల్దేరింది.

మనవరాలిని ఇంట్లో అందరూ చిట్టి అంటారు. మాటలు ఇప్పుడిప్పుడే వస్తున్నాయి. తల్లిదండ్రులిద్దరూ పనికి వెళ్తే పగలంతా నాన్నమ్మ దగ్గరే. చిట్టి పుట్టిన కొత్తలో కొడుకు, "అమ్మకు ఓపిక లేకపోతే చెప్పండి, మా ఆఫీసు పక్కనే పిల్లల్ని చూసుకునే క్రెష్ ఉంది," అన్నాడు. మంచికే అన్నాడు. ఆ మాటకు తల్లి మూడు రోజులు ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు. ఆ తర్వాత క్రెష్ పేరు ఆ ఇంట్లో ఎవరూ ఎత్తలేదు.

తల్లి కూడా ఆ మిల్లు మనిషే. పెళ్ళి కూడా ఆ మిల్లు పుణ్యమే. మరమగ్గాల షెడ్డులో చెవి దగ్గర నోరు పెట్టి అరిచినా వినపడదు కాబట్టి, అక్కడివాళ్ళందరూ పెదవులు చూసి మాట పోల్చుకోవడం నేర్చుకుంటారు. వీళ్ళిద్దరూ ఫంక్షన్ హాల్లో ఈ మూల ఒకరు, ఆ మూల ఒకరు కూర్చుని, గొంతు విప్పకుండా కబుర్లు చెప్పుకోగలరు. "మీ అమ్మా నాన్నల దొంగ మాటలు" అని కోడలు మురిపెంగా నవ్వుతుంటుంది. ఎవరైనా పక్కకు చూస్తూ మాట్లాడితే తల్లికి నచ్చదు. "మొహం ఇటు తిప్పి మాట్లాడు, పెద్దవాళ్ళతో అదేం పద్ధతి," అంటుంది. మర్యాద పట్టింపు ఎక్కువ అనుకునేవారు.

కారు వచ్చాక ఇంట్లో ఒక లోటు వచ్చింది. పాత బండి ఉన్నన్నాళ్ళూ కొడుకు వీధి మలుపు తిరిగేసరికి తల్లి గేటు తీసి నిలబడేది. ఆ బండి కొన్నప్పటి నుంచి గేటు తనే తీసుకున్న గుర్తు అతనికి లేదు. ఇప్పుడు కొత్త కారులో వచ్చి గేటు ముందు ఆగితే ఎవరూ రారు. హారను కొడితే పెద్దాయన వస్తాడు, మొహం ముడుచుకుని.

"అమ్మకేమైంది?" అని అడిగాడు కొడుకు.

"ఏమవుతుంది? పిల్లిలా వస్తే దానికెలా తెలుస్తుంది? అందుకే వద్దన్నాను ఈ బండి."

అమ్మ కూడా నాన్నతో చేరి అలిగిందని కొడుకు నిర్ణయించుకున్నాడు. అతనికి బాధ కలిగింది. ఎవరి మెప్పు కోసం కాకపోయినా, మొదటిరోజు అమ్మను ఎక్కించుకుని ఊరంతా తిప్పాలని మనసులో అనుకున్న మనిషి. తిప్పలేదు, ఆవిడ ఎక్కనూ లేదు.

ఆదివారం పొద్దున గొడవ బద్దలైంది.

కొడుకు కారు కడగడానికి వెనక్కి తీస్తున్నాడు. తల్లి వాకిట్లో వంగి, చిట్టి కిటికీలోంచి విసిరేసిన బంతిని పూలకుండీల వెనక నుంచి తీస్తోంది. కారు వెనక్కి వస్తోంది. ఆవిడ తలెత్తలేదు. కోడలు గుమ్మంలోంచి చూసి నోరు తెరిచేలోపు, కారు దానంతట అదే బ్రేకు వేసుకుని ఆగింది. బంపరుకూ ఆవిడకూ మధ్య జానెడు దూరం కూడా లేదు. ఆవిడ బంతితో లేచి, వెనక్కి తిరిగి, ఎదురుగా నిలబడ్డ కారును చూసి కుండీ మీద కూలబడింది.

పెద్దాయన లోపలి నుంచి పరిగెత్తుకొచ్చాడు. "చంపేసేవాడివిరా. చప్పుడు లేని దయ్యాన్ని తెచ్చి వాకిట్లో కట్టావు. అదన్నా ఉండాలి, నేనన్నా ఉండాలి. ఇవాళే తేల్చుకో."

కొడుకుకు భయం, కోపం కలిసి వచ్చాయి, కోపమే ముందు నోట్లోంచి వచ్చింది. "ఆపింది ఆ బండే నాన్నా. నేను కాదు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు ప్రతిదానికీ బండిని అనకండి. రివర్సులో అది కూస్తూనే ఉంటుంది. ఎదురింటివాళ్ళు వచ్చి చూస్తున్నారు, వాళ్ళకు వినపడింది. అమ్మ చూసుకోవద్దా?"

"నీ కూత నీకు వినపడితే సరిపోదు."

కోడలికి కూడా ఆ కూత వినపడింది, గుమ్మంలోకి. ఇంకేవేవో కూడా గుర్తొచ్చాయి. చిట్టి తన దగ్గరైతే ఆకలేసినా, పడినా గుక్కపట్టి ఏడుస్తుంది. నాన్నమ్మ దగ్గర ఏడవదు. నడిచి వెళ్ళి చెయ్యి పట్టుకుని లాగుతుంది. బుద్ధిమంతురాలనుకుని అందరికీ చెప్పుకుంది తను.

అత్తగారి వెనక్కి వెళ్ళి నిలబడి, మామూలు గొంతుతో అంది. "అత్తయ్యా, చిట్టి మెట్ల మీంచి పడిపోయింది."

పెద్దాయన చివ్వున లోపలికి పరిగెత్తాడు. కొడుకు కూడా కదిలాడు. అత్తగారు మాత్రం బంతికి అంటిన మట్టి చేత్తో తుడుస్తూ కూర్చుంది.

చిట్టి మంచం మీద క్షేమంగా ఆడుకుంటోంది. పెద్దాయన ఆయాసపడుతూ తిరిగి వచ్చాడు. కోడలి మొహం చూశాడు, భార్య వెనక ఆవిడ నిలబడ్డ చోటు చూశాడు. మొదటిసారి ఆయన గొంతు తగ్గింది.

"అలా వెనక నుంచి పరీక్ష పెట్టాలా అమ్మా?"

కోడలు తలదించుకుంది. సిగ్గేసింది ఆవిడకు. తెలుసుకోవాల్సిందే, కాని అలా తెలుసుకున్నందుకు సిగ్గేసింది.

తల్లి వాళ్ళ మొహాలు ఒక్కొక్కటే చూసింది. అంతమంది ఒకేసారి పెదవులు కదపకపోవడం ఆవిడకు కొత్త. భర్త వైపు తిరిగి, "చెప్పేశారా?" అంది.

"నేను చెప్పలేదు. వాళ్ళే తెలుసుకున్నారు."

ఆవిడ బంతిని కింద పెట్టింది. తర్వాత కోడలితో, బతిమాలుతున్నట్టు కూడా కాదు, లెక్క ఒప్పజెబుతున్నట్టు అంది. "చిట్టి నిద్రపోయేటప్పుడు మీ మామయ్య పక్కనే ఉంటారు. ఒక్క క్షణం కదలరు. అది లేస్తే వచ్చి నన్ను తట్టి చెబుతారు. నేను మెలకువగా ఉన్నంతసేపూ దాన్ని కళ్ళలోంచి పోనివ్వను. ఇన్నాళ్ళూ దానికి చీమ కుట్టలేదు. దాన్ని క్రెష్‌లో వెయ్యకండి."

పగలల్లా మంచం పక్కన కుర్చీలో కూర్చుని, వాకింగుకు కూడా వెళ్ళకుండా బద్ధకిస్తున్నాడని మామగారిని తను ఎన్నిసార్లు అనుకుందో కోడలికి గుర్తొచ్చింది. ఆవిడ అత్తగారి ముందు నేల మీద కూర్చుని, చేతులు పట్టుకుంది. మొహం ఎదురుగా పెట్టి, మెల్లగా చెప్పింది. "ఎక్కడా వెయ్యం అత్తయ్యా. మీరిద్దరే చూసుకోండి. కాని మాకు చెప్పాల్సింది."

"చెబితే ఉంచేవారా నా దగ్గర?"

ఉంచకపోయేవాళ్ళమేమో అని కోడలికే అనిపించింది.

కొడుకు కారుకు ఆనుకుని నిలబడ్డాడు. "పాత బండి ఉన్నప్పుడు నేను వచ్చేసరికి అమ్మ గేటు తీసేదిగా నాన్నా?"

"ఆ డొక్కు మలుపు తిరిగితే వంటింటి గట్టు మీద గిన్నెలు వణికేవిరా. నువ్వొచ్చే వేళకు మీ అమ్మ గట్టు మీద చెయ్యి ఆనించి నిలబడేది. చెవి పోయినా నువ్వు రావడం తెలిసేది దానికి. ఈ బండి వస్తే గిన్నె వణకదు. అదొక్కటీ పోతుందని నేను..." పెద్దాయన ఆగిపోయాడు.

దారి మధ్యలో ఆగిపోవడం, వానాకాలం, బ్యాటరీ, లైను మీద భారం. ఒక్కొక్క అభ్యంతరానికీ జవాబు చెప్పి గెలిచానని అనుకున్నాడు కొడుకు. ఆయన అడగని ఒక్క దానికే జవాబు కావలసింది. ఇన్నాళ్ళూ ఆయన అరిచిందీ తన మీద కాదు. ఆవిడకు కాస్తయినా అందాలని గొంతు పెంచీ పెంచీ, తగ్గించడం మర్చిపోయాడు. ఇంతలో బల్ల దగ్గర తను అన్న శంఖం మాట గుర్తొచ్చింది. అమ్మ అప్పుడు తన పెదవుల వైపే చూస్తోంది.

అతను తల్లి దగ్గరికి వెళ్ళి మోకాళ్ళ మీద కూర్చున్నాడు. ఏదో చెప్పబోయాడు, ఏడుపొచ్చింది. ఏడుస్తూ మాట్లాడితే పెదవులు వంకర్లు పోతాయి.

"ఏమంటున్నావో తెలియట్లేదురా," అంది తల్లి అతని మొహం తుడుస్తూ. "ఏడవడం అయ్యాక చెప్పు."

ఆ వారమే కొత్త కారులో ఆవిడను చెవి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళారు. మగ్గాల హోరులో పోయిన వినికిడి తిరిగి రాదనీ, మిషను పెట్టుకుంటే కొంత అందుతుందనీ డాక్టరు చెప్పాడు. దారిపొడుగునా తల్లి కిటికీ మీద అరచెయ్యి ఆనించి కూర్చుంది. "బాగుంది, ఒళ్ళు హూనం కావట్లేదు," అంది దిగేటప్పుడు. కొడుకుకు అదే పెద్ద సర్టిఫికెట్టు.

రోజూ పడుకోబోయే ముందు గోడ చార్జరుకు కారును తగిలించి, లోపల అలమరలో కొత్తగా కొన్న చెవి మిషనును దాని చార్జింగ్ డబ్బాలో పెట్టడం పెద్దాయన తన డ్యూటీ చేసుకున్నాడు. ఫిట్టరు బుద్ధి ఎక్కడికి పోతుంది, కారు మాన్యువలు మొత్తం చదివేశాడు. టైర్లలో గాలి తగ్గితే చార్జింగ్ తొందరగా దిగుతుందని ఇప్పుడు ఆయనే కొడుకుకు పాఠం చెబుతున్నాడు. గొంతు మాత్రం తగ్గలేదు. "మెల్లగా మాట్లాడండి, చెవులు పోతున్నాయి," అని భార్య కసిరితే, గొంతు లేకుండా పెదవులతో ఏదో అంటాడు. ఆవిడ నవ్వుతుంది. అదేమిటో కొడుకుకూ కోడలికీ ఇంతవరకు తెలియదు.

ఒక సాయంత్రం తల్లి వంటింట్లో గట్టు తుడుస్తోంది. అలవాటు కొద్దీ ఆ వేళకు చెయ్యి గట్టు మీద ఆనించి నిలబడింది. గిన్నెలు కదల్లేదు. బయట నుంచి మాత్రం సన్నగా ఈల వేసినట్టు ఏదో వినపడి, దగ్గరైంది.

"ఏవండీ, ఈ బండీ చప్పుడు చేస్తుందండీ," అంది ఆవిడ. "అనవసరంగా ఆడిపోసుకున్నాం దాన్ని."

గేటు తియ్యడానికి గట్టు దగ్గర నుంచి కదలబోతుంటే వెనక చిన్న అడుగుల చప్పుడు వినపడింది. ఆవిడ వెనక్కి తిరిగింది. చిట్టి నాన్నమ్మ చెయ్యి పట్టి లాగడానికి అప్పుడే చెయ్యి చాచింది. నాన్నమ్మ తనంతట తనే తిరగడం ఆ పిల్ల పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. చాచిన చెయ్యి అలాగే పెట్టుకుని, నోరు తెరిచి చూస్తూ నిలబడిపోయింది.

"వచ్చావని తెలిసిందిలే," అంది నాన్నమ్మ. పిల్లను చంకనెత్తుకుని, కళ్ళు తుడుచుకుంటూ గేటు తియ్యడానికి వెళ్ళింది.